ఎర్మెస్ 90 సెంటీమీటర్ల పట్టు స్కార్ఫు: సేకరించాలనుకునేవారి కోసం ఒక సమీక్ష

చిత్రకారుల చేత బొమ్మలు గీయించి, వాటిని పట్టుబట్ట మీద అచ్చువేసి స్కార్ఫులుగా అమ్మే సంస్థలు ఇటలీలోను, ఇంగ్లండులోను, ఫ్రాన్సులోను చాలానే ఉన్నాయి. అయినా సేకరణ మాట వచ్చినప్పుడు అన్నిటికంటే ముందు చర్చకు వచ్చేది పారిస్‌కు చెందిన ఎర్మెస్ సంస్థ తయారుచేసే 90 సెంటీమీటర్ల చదరపు స్కార్ఫే. సేకర్తలు దీన్ని ఫ్రెంచి పేరుతోనే ‘కారె’ అంటారు. ఏటా రెండు విడతలుగా కొత్త బొమ్మలు వస్తుంటాయి, పాత బొమ్మల్లో కొన్ని కొత్త రంగుల్లో తిరిగి వస్తుంటాయి. ఈ సమీక్ష ఏ ఒక్క సీజను డిజైను గురించో రాస్తున్నది కాదు. డబ్బు పెట్టి కొని, ఏళ్ల తరబడి కట్టుకుంటూ దాచుకోదగిన వస్తువుగా ఈ స్కార్ఫు ఎంతవరకు నిలబడుతుందో పరిశీలించడానికి రాస్తున్నది. నా దృష్టిలో ఇది ఒంటిమీద వేసుకోగలిగిన చిత్రముద్రణ. బొమ్మ గీసినవారెవరో, అచ్చువేసిన పనితనం ఎలాంటిదో చూసి కొన్నవారికి ఇది పెట్టిన ప్రతి రూపాయికీ విలువనిస్తుంది.

ఎర్మెస్ 1837లో గుర్రాల జీనులు, కళ్లేలు తయారుచేసే కార్ఖానాగా పారిస్‌లో మొదలైంది. 1880 నుంచి ఫోబూర్ సెంతొనొరే వీధిలోని 24వ నంబరు భవనమే దాని చిరునామా. సరిగ్గా వందేళ్లకు, 1937లో, సంస్థాపకుని మనవడైన ఎమిల్ ఎర్మెస్‌కు అల్లుడైన రొబేర్ దుమా ఆధ్వర్యంలో మొదటి పట్టు స్కార్ఫు వెలువడింది. గుర్రాలు లాగే ఆమ్నిబస్సులు పారిస్ వీధుల్లో తిరిగిన కాలంలో బల్ల మీద పరచి ఆడిన ఆట ఒకటి దాని మీది బొమ్మకు ఆధారం. ఈ పుట్టుక తెలిస్తే తరువాతి దశాబ్దాల స్కార్ఫుల్లో కళ్లేలు, రికాబులు, బండ్లు, వేటకుక్కలు అంత తరచుగా ఎందుకు కనిపిస్తాయో అర్థమవుతుంది. 1957లో ఉగో గ్రిగ్కార్ గీసిన ‘బ్రీద్ ద గాలా’ అనే బొమ్మ వీటిలో అన్నిటికంటే ప్రసిద్ధమైనది. ఉత్సవాల్లో గుర్రాలకు తొడిగే అలంకార కళ్లేలే అందులోని వస్తువు. తోలుపట్టీల మడతలు, లోహపు బిళ్లల మెరుపు అంత శ్రద్ధగా గీసిన బొమ్మ కనుకనే అది ఇన్ని దశాబ్దాలుగా ఎన్నో రంగుల్లో మళ్లీ మళ్లీ అచ్చవుతోంది.

బట్ట విషయానికి వస్తే, బ్రెజిల్‌లో పెంచిన పట్టుపురుగుల గూళ్ల నుంచి తీసిన దారాన్ని ఫ్రాన్సులోని లియోన్ నగర పరిసరాల్లో నేస్తారు. లియోన్ పేరు మన నేతగాళ్లకు పరోక్షంగా పరిచయమున్నదే. ధర్మవరం చీరల అంచులను, కొంగులను తీర్చే జకార్డు పరికరం ఆ నగరానికి చెందిన జోసెఫ్ మరీ జకార్ పేరు మీదుగానే వచ్చింది. అయితే ఈ స్కార్ఫులో నేతపని బొమ్మ కోసం జరగదు, అచ్చుకు అనువైన నేలను సిద్ధం చేయడం కోసమే జరుగుతుంది. సాదా నేతలో పేక పోగు ఒక్కో పడుగు పోగు కిందుగా, మీదుగా మారుతూ పోతే, ఇక్కడి ట్విల్ నేతలో కొన్ని పోగులు దాటి దాటి అల్లుకోవడం వల్ల బట్ట మీద సన్నని ఏటవాలు గీతలు ఏర్పడతాయి. వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూస్తే ఆ గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. సుమారు 65 గ్రాముల బరువుండే ఈ స్కార్ఫుకు జారే మెత్తదనంతో పాటు ఒక రకమైన బిగువు కూడా ఉంటుంది. చేతిలో నలిపితే మన పట్టుచీర చేసే గరగర శబ్దమే సన్నగా వినిపిస్తుంది. ముడి వేసినప్పుడు మడతలు నిండుగా నిలవడానికి ఈ బిగువే కారణం. నాణ్యత తక్కువైన పట్టు స్కార్ఫులు మెడ చుట్టూ వాలిపోయి తాడులా మారేది ఇది లేకనే.

ఇక నిజమైన సంపద అచ్చుపనిలో ఉంది. చిత్రకారుడు కాగితం మీద గీసిన బొమ్మను చెక్కుడు పనివారు రంగు రంగుగా విడదీస్తారు. ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్, అంటే ఆ రంగు పడవలసిన చోట మాత్రమే దాన్ని కిందికి దిగనిచ్చే సన్నని జల్లెడబట్ట చట్రం, తయారవుతుంది. పెడనలో కలంకారీ అచ్చులకు ఒక్కో రంగుకు ఒక్కో చెక్క అచ్చు చెక్కే పద్ధతి తెలిసినవారికి దీని సూత్రం వెంటనే బోధపడుతుంది. తేడా సంఖ్యలోనూ, సూక్ష్మతలోనూ ఉంది. ఈ స్కార్ఫులకు సాధారణంగా 30కి అటూ ఇటూ స్క్రీన్లు వాడతారు, కొన్ని బొమ్మలకు 40 కూడా దాటుతాయి. ఒక పక్షి రెక్కలోని ఈకకు నాలుగైదు గోధుమరంగు ఛాయలు కావలసివస్తే నాలుగైదు స్క్రీన్లూ అవసరమే. వాటన్నిటినీ విడదీసి సిద్ధం చేయడానికే వందల గంటల పని పడుతుంది. పొడవాటి బల్లల మీద పరచిన తెల్లని ట్విల్ మీద ఆ స్క్రీన్లను ఒకదాని తరువాత ఒకటి ఉంచి రంగు వేస్తూ పోతారు. ఆ తరువాత ఆవిరి పట్టించి రంగును దారానికి అంటుకునేలా చేసి, కడిగి, ఆరబెడతారు. ఒక స్క్రీన్ వెంట్రుకవాసి పక్కకు జరిగినా రెండు రంగుల మధ్య తెల్లని సందు బయటపడుతుంది, లేదా ఒక రంగు మరొకదాని మీదికెక్కి మసకబారుతుంది.

కనుక స్కార్ఫును చేతిలోకి తీసుకున్నప్పుడు ముందుగా చూడవలసింది రంగులు కలిసే హద్దులను. జంతువు కన్ను, పువ్వు కేసరాలు, బొమ్మలోని చిన్న అక్షరాలు, ఇలాంటి చోట్లనే పనితనం తేలిపోతుంది. నేను చూసిన మంచి ప్రతుల్లో భూతద్దం పెట్టి చూసినా గీత చెదరలేదు. తరువాత స్కార్ఫును తిరగేసి చూడాలి. రంగు దారం లోపలికి బాగా దిగి ఉంటుంది కనుక వెనుకవైపు కూడా బొమ్మ దాదాపు అంతే స్పష్టంగా కనిపించాలి. మెడకు చుట్టినప్పుడు వెనుకవైపు ఎక్కడో ఒకచోట బయటికి కనబడుతూనే ఉంటుంది, కాబట్టి ఈ గుణం కేవలం సేకర్తల పట్టింపు కాదు.

అంచు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన ఊళ్లలో చీర అంచుకు మిషన్ మీద పికో వేయించడం అందరికీ తెలుసు. ఈ స్కార్ఫు నాలుగు అంచులనూ వేళ్లతో సన్నగా చుట్టి, ఆ చుట్ట లోపల పట్టుదారం దాగేలా చేత్తో కుడతారు. ఒక్క స్కార్ఫు అంచు పూర్తి కావడానికి అనుభవమున్న చేతికి కూడా అరగంటకు పైగా పడుతుంది. చుట్ట బొమ్మ ఉన్న ముందువైపుకే తిరిగి ఉంటుంది. చాలా ఇతర సంస్థల స్కార్ఫుల్లో అది వెనుకవైపుకు ఉంటుంది. దారం రంగు అంచు రంగుతో కలిసిపోతుంది. చేతిపని కనుక కుట్ల మధ్య దూరంలో స్వల్పమైన హెచ్చుతగ్గులుంటాయి. గుండ్రంగా ఉబ్బిన ఆ అంచే స్కార్ఫుకు ఒక చట్రాన్నిచ్చి, కొసలు అందంగా వేలాడడానికి కావలసిన బరువునిస్తుంది. పాత స్కార్ఫు కొనేటప్పుడు సేకర్తలు ముందుగా తడిమి చూసేది దీన్నే. ఇస్త్రీపెట్టె కింద నలిగి చప్పబడిన అంచు మళ్లీ మునుపటిలా కావడం కష్టం, ఆ మేరకు ధర కూడా తగ్గుతుంది.

సేకరణను ఏ వరుసలో పెంచాలన్నది ఎవరి ఇష్టం వారిది. కొందరు ఒకే రంగును వెంబడిస్తారు, కొందరు గుర్రాలను, కొందరు సముద్రాన్ని. చిత్రకారుల వరుసలో సేకరించడం అన్నిటికంటే తృప్తినిస్తుందని నేను నమ్ముతాను, ఎందుకంటే అప్పుడే ఒక చేతి గీతను గుర్తుపట్టే శక్తి కంటికి అలవడుతుంది. అనీ ఫేవ్ర్ గీసిన బొమ్మల్లో ఎక్కడో ఒక చిన్న కోతి దాగి ఉంటుంది. దాన్ని వెతికే క్రమంలో మూలమూలనా ఉన్న వివరమంతా చూసేస్తాం. రొబేర్ దాలే వన్యమృగాల చిత్రకారుడు. అతని చిరుతపులి ఒంటి మీది మచ్చలు ఏవో అలంకారంగా వేసినవి కావు, కండరం వంపును అనుసరించి సాగుతాయి.

వీరందరిలో నాకు మిక్కిలి గౌరవం కెర్మిట్ ఆలివర్ మీద. ఈ స్కార్ఫులకు బొమ్మలు గీసిన మొదటి అమెరికన్ అతనే. టెక్సాస్ రాష్ట్రంలోని వేకో పట్టణపు తపాలా కార్యాలయంలో రాత్రివేళ ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం చేస్తూనే, పారిస్‌కు పంపవలసిన బొమ్మలను గీశాడు. నీమన్ మార్కస్ దుకాణాల కుటుంబానికి చెందిన లారెన్స్ మార్కస్ అతని పేరును ఎర్మెస్‌కు సూచించాడు. ఆలివర్ బొమ్మల్లో టెక్సాస్ మొక్కలు, జంతువులు, అక్కడి ఆదివాసుల రూపాలు కిక్కిరిసి ఉంటాయి; అయినా ఏదీ మరొకదాన్ని తొక్కేయదు. ఆ సాంద్రతను అచ్చులో నిలబెట్టడం చెక్కుడు పనివారికి కూడా పెద్ద పరీక్షే. చిత్రకారుడి ఓపికా, అచ్చువేసేవారి ఓపికా సమానంగా కలిసిన స్కార్ఫు చూడాలనుకుంటే అతని పని వెతకండి. సేకర్తల మధ్య గిరాకీ ఎక్కువ కనుక అవి తేలిగ్గా దొరకవు, దొరికినా చవకగా రావు.

కొనేముందు చేయవలసిన మరో పరీక్ష కూడా ఉంది. దుకాణంలో స్కార్ఫును బల్ల మీద పూర్తిగా పరచి చూపిస్తారు, అప్పుడు మన కన్ను మధ్యబొమ్మ మీద నిలుస్తుంది. కానీ ఐమూలగా మడిచి మెడకు కట్టుకున్నప్పుడు ఆ మధ్యబొమ్మ మడతల్లోకి పోయి, అంచు పట్టీ, రెండు మూడు కొసలు మాత్రమే బయట మిగులుతాయి. గొప్ప చిత్రకారులు ఈ సంగతి మనసులో ఉంచుకుని కొసలను విడి బొమ్మల్లా తీర్చుతారు. పరచినప్పుడు ఎంతో ఘనంగా ఉండి, కట్టినప్పుడు ఒక రంగు ముద్దగా మిగిలిపోయే డిజైన్లు కూడా లేకపోలేదు. ఇటీవలి కాలంలో మధ్యలో ఒకే పెద్ద రూపాన్ని నింపే ధోరణి వల్ల అలాంటివి పెరిగాయని నా భావన. అందుకే మడిచి, ముడివేసి, అద్దంలో చూసుకున్న తరువాతే నిర్ణయించుకోవాలి. ఒకే బొమ్మ పలు రంగుల కూర్పుల్లో వస్తుంది కనుక ఆ కూర్పులన్నీ చూపించమని అడగడానికి సంకోచించకూడదు. నీలం నేల మీద రాత్రిలా కనిపించిన బొమ్మ పసుపు నేల మీద పూర్తిగా మరో చిత్రం కావచ్చు.

ధర ఈ వస్తువుకున్న పెద్ద లోపం. కొత్త స్కార్ఫు యూరపులోనే 400 యూరోలు దాటి కొన్నేళ్లయింది, భారతదేశంలో దిగుమతి సుంకాల భారం కూడా తోడవుతుంది. ముంబయి కోట ప్రాంతంలోని హార్నిమన్ సర్కిల్‌లో 2011లో ఎర్మెస్ దుకాణం తెరిచింది; అదే ఏడాది పరిమిత సంఖ్యలో చీరలను కూడా లక్షల ధరకు అమ్మకానికి పెట్టింది. ఆ చీరల మీద నాకంత ఆసక్తి కలగలేదు. ఆరుగజాల బట్టను గద్వాలలోనో ధర్మవరంలోనో మనవాళ్లు నేసే తీరు తెలిసినవారికి అచ్చుచీర అంత ధర పలకడం ఒప్పుకోబుద్ధి కాదు. చదరపు స్కార్ఫు మాత్రం ఆ బొమ్మల సహజమైన ఇల్లు.

సేకర్తకు అనువైన దారి పాత స్కార్ఫులే. పారిస్‌లోని ద్రూఓ వేలశాల మొదలుకొని పాతవస్తువుల దుకాణాల వరకు అనేక చోట్ల ఇవి దొరుకుతాయి. అరుదైనవాటిని మినహాయిస్తే సాధారణంగా కొత్తదాని కంటే తక్కువకే వస్తాయి. అయితే నకిలీలు విస్తారంగా ఉన్నాయి. సంస్థ స్కార్ఫు పెట్టి ఇచ్చే నారింజరంగు పెట్టె చూసి నమ్మడం ఏమాత్రం క్షేమం కాదు, ఆ పెట్టెలు విడిగా కూడా అమ్ముడవుతాయి. బొమ్మలో ఎక్కడో సంస్థ పేరు అచ్చయి ఉంటుంది. రోమన్ లిపిలో ఆరు అక్షరాల ఆ పేరులో (HERMÈS) ఐదో అక్షరం నెత్తిన ఎడమ నుంచి కుడికి దిగే చిన్న వాలుగీత ఉండాలి. చాలా స్కార్ఫుల్లో బొమ్మ పేరు, కొన్నిటిలో చిత్రకారుడి సంతకం కూడా బొమ్మలోనే కలిసిపోయి కనిపిస్తాయి. ఉతుకు సూచనల చీటీ లేనంత మాత్రాన నకిలీ అనుకోనక్కరలేదు, చాలా పాతవాటికి అది ఉండదు, కొందరు కత్తిరించేస్తారు కూడా. అంచు చుట్ట వెనుకవైపుకు తిరిగి ఉన్నా, మిషన్ కుట్టు కనిపించినా ఇక ఆలోచించకుండా వదిలేయవచ్చు. మొదటి ముద్రణకూ, తరువాతి పునర్ముద్రణకూ ధరలో తేడా ఉంటుంది కనుక అమ్మేవారు చెప్పే సంవత్సరం బొమ్మ మొదట వెలువడిన ఏడాదా, ఈ ప్రతి అచ్చయిన ఏడాదా అన్నది తప్పక అడిగి తెలుసుకోవాలి.

మన వాతావరణంలో వీటిని కాపాడడం పట్టుచీరలు కాపాడినవారికి కొత్త విద్యేమీ కాదు. ప్లాస్టిక్ సంచిలో పెట్టకుండా పాత నూలుబట్టలో చుట్టాలి, మడతలు అప్పుడప్పుడు మార్చాలి, ఎండ తగలనివ్వకూడదు. జరీ లేదు కనుక నల్లబడుతుందన్న భయం లేదు. చెమట, అత్తరు మాత్రం ప్రమాదకరం; వేసవిలో మెడకు బిగించి కట్టడం కంటే భుజం మీద వదులుగా వేసుకోవడం మేలు. డ్రైక్లీనింగుకు ఇచ్చేటప్పుడు అంచు మీద ఇస్త్రీ చేయవద్దని గట్టిగా చెప్పాలి. కొందరు వీటిని చట్రం కట్టించి గోడకు తగిలిస్తారు. అది నాకు నచ్చదు. వెలుతురుకు రంగు వెలుస్తుంది, పైగా నడకతో కదిలే మడతల కోసం గీసిన బొమ్మ అద్దం వెనుక బిగుసుకుపోతుంది.

చిన్న కొలతల్లోను, పెద్ద శాలువల్లోను ఇవే బొమ్మలు వస్తాయి. సన్నని ట్విలీ పట్టీలో బొమ్మ ముక్కలవుతుంది. 140 సెంటీమీటర్ల కష్మీరు శాలువలో ఉన్ని కలిసి ఉండడం వల్ల గీత కొంత మెత్తబడుతుంది. బొమ్మ కోసం సేకరించేవారికి 90 సెంటీమీటర్ల ట్విల్‌ను మించింది లేదు. మొదటిసారి కొనేవారు ‘బ్రీద్ ద గాలా’ పాత ప్రతి ఒకటి, అంచు ఉబ్బు చెడనిది, ముదురు నేల రంగులో ఉన్నది వెతకాలని నా సిఫారసు. ఎన్నోసార్లు అచ్చయిన బొమ్మ కనుక పోల్చి చూసుకోవడానికి ప్రతులు పుష్కలంగా దొరుకుతాయి, ధర అందుబాటులో ఉండే అవకాశం ఎక్కువ, కట్టినప్పుడు నాలుగు కొసలూ పనికొస్తాయి.