వీస్ఫియర్ కోర్సు: ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు అక్కరకొస్తున్నది ఆ ఆదివారం ల్యాబే

2021లో ఆన్‌లైన్‌లో చేసిన డేటా సెంటర్ వర్చువలైజేషన్, క్లౌడ్ మేనేజ్‌మెంట్ కోర్సు గురించి ఇది. వీస్ఫియర్ అంటే ఒక్క సర్వర్ మీద చాలా వర్చువల్ మెషీన్లు (వీఎంలు) నడిపించే వీఎంవేర్ వాళ్ల సాఫ్ట్‌వేర్. కోర్సు అయిన వారంలోనే రాసుంటే కళ్లు మూసుకుని ఐదుకి ఐదు ఇచ్చేవాణ్ని. ఇప్పుడూ మంచిదనే చెబుతాను. కాకపోతే అందులో ఏది మంచిదో విడమరిచి చెప్పాలి. సిలబస్ జోలికి పోను. హోస్టులు (వీఎంలు నడిచే అసలు సర్వర్లు), వీసెంటర్ (వాటన్నిటినీ ఒక్కచోట నుంచి చూసుకునేది), నెట్‌వర్క్, స్టోరేజ్, వీమోషన్ (నడుస్తున్న వీఎంని ఇంకో హోస్టుకి జరపడం), హెచ్‌ఏ (హోస్టు పోతే దాని వీఎంలని ఇంకోదాని మీద లేపడం), డీఆర్‌ఎస్ (ఏ వీఎం ఏ హోస్టు మీద ఉండాలో సర్దడం)... ఏ సంస్థలో చేరినా ఇవే ఉంటాయి.

నేను ఒంగోలు, సింగరాయకొండ మధ్య ఉన్న ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో సర్వర్లు చూసుకుంటాను. మూడు హోస్టులు, ఒక స్టోరేజ్, వాటి మీద కాటా దగ్గర్నుంచి ఎగుమతి కాగితాల దాకా అన్నీ నడుస్తాయి.

కోర్సులో నాకు ప్రాణం లేచొచ్చింది ఒక్కదానికే: ఆదివారం ఫాల్ట్ ల్యాబ్. శనివారం మేం కట్టుకున్న క్లస్టర్‌ని, అంటే కలిపి నడిపే హోస్టుల గుంపుని, రాత్రికి సార్ ఎక్కడో ఒకచోట చెడగొట్టి పెట్టేవారు. పొద్దున లాగిన్ అయ్యేసరికి ఏదో ఒకటి పని చేయదు. ఏం చేశారో చెప్పరు. ఒక వారం రెండు హోస్టుల్లో పోర్ట్ గ్రూప్ (వీఎంలని తగిలించే నెట్‌వర్క్) పేరు తేడా పెట్టారు. తేడా అంటే ఒకచోట పెద్దక్షరం, ఇంకోచోట చిన్నక్షరం, అంతే. వీమోషన్ కదలనంది. అది కనిపెట్టడానికి మాకు సగం పూట పట్టింది. ఇంకో వారం హోస్టులో ఎంటీయూ (ఒక్క ప్యాకెట్‌కి గరిష్ఠ సైజు) 9000 పెట్టి, స్విచ్‌లో 1500 దగ్గరే వదిలేశారు. మామూలు పింగ్ (అవతలి మెషీన్ పలుకుతోందా అని చూసే చిన్న ప్యాకెట్) చక్కగా పోతుంది, పెద్ద ప్యాకెట్ మాత్రం దాటదు. పింగ్ వెళ్తోంది కాబట్టి నెట్‌వర్క్ బాగుందనుకునే అలవాటు ఆ ఒక్క పూటతో పోయింది.

సార్ పెట్టిన నియమం ఒకటే. "ముందు మౌస్ వదిలెయ్యండి. ఏది ఆగింది, ఏది ఆగలేదు, రెండు వరసల్లో రాయండి. ఆ తర్వాతే ఏదైనా ముట్టుకోండి." అప్పట్లో ఇదేం చాదస్తం అనిపించేది. దాని విలువ 2023 వేసవిలో ఒక రాత్రి తెలిసింది.

చెరువుల మీద పట్టుబడి అయ్యాక సరుకు మా ప్లాంట్‌కి ఎక్కువగా రాత్రిళ్లే చేరుతుంది. వనామి రొయ్యకి రేటు కౌంట్ మీద, అంటే కిలోకి ఎన్ని తూగాయన్న దాని మీద ఉంటుంది. కాటా మీద తూకం పడి, కౌంట్ నమోదై, లాట్ నంబరుతో స్లిప్పు వస్తేగాని బాక్సు లోపలికి పోదు. ఆ రాత్రి రెండింటికి షిఫ్ట్ సూపర్‌వైజర్ ఫోన్. "అన్నా, కాటా దగ్గర స్లిప్పులు రావట్లా. బళ్లన్నీ వరసగా నిలబడున్నయ్. ఐస్ కరిగిపోతోంది, ఏందో చూడన్నా." వెనకాల రైతులు గట్టిగా అడుగుతున్న మాటలు నాకు వినిపిస్తూనే ఉన్నాయి.

లాగిన్ అయ్యి, అలవాటు ప్రకారం రెండు వరసలు రాశాను. కాటా వీఎం, అకౌంట్స్ వీఎం, ఇంకో రెండు ఆగిపోయాయి. హాజరు మెషీన్ వీఎం, సీసీ కెమెరాలది బాగానే ఉన్నాయి. అన్నీ ఒకే డేటాస్టోర్ (వీఎంల డిస్కు ఫైళ్లుండే స్టోరేజ్ భాగం) మీద ఉన్నవే. బాగున్న రెండింటికీ డిస్కు చోటు మొదట్లోనే పూర్తిగా కేటాయించి ఉంది, ఆగినవి మాత్రం వాడుకున్నకొద్దీ పెరిగే థిన్ డిస్కులు. అక్కడికి విషయం తేటతెల్లమైంది. డేటాస్టోర్ నిండిపోయింది. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ చేయడానికి వచ్చిన బయటి కంపెనీ ఇంజినీర్ ముందుగా స్నాప్‌షాట్ (తేడా వస్తే వీఎంని పాత స్థితికి తెచ్చుకోవడానికి పెట్టుకునేది) తీసి, పని అయ్యాక దాన్ని అలాగే వదిలి వెళ్లాడు.

స్నాప్‌షాట్ తీశాక అసలు డిస్కు కదలదు, కొత్తగా రాసేదంతా పక్కన వేరే ఫైల్లోకి పోతుంది. వదిలేసినకొద్దీ అది అసలు డిస్కంత దాకా పెరగగలదు. 72 గంటలకు మించి ఉంచొద్దని వీఎంవేర్ వాళ్లే చెబుతారు. ఇది నెలలు దాటిపోయింది.

కాటా వీఎం తెర మీద ఒక ప్రశ్న వచ్చి నిలబడింది. డిస్కుకు చోటు లేదు, ఖాళీ చేసి రీట్రై నొక్కు, లేదంటే క్యాన్సిల్ నొక్కు అని. క్యాన్సిల్ నొక్కితే ఆ వీఎం అక్కడికక్కడే ఆగిపోతుంది, డేటాబేస్ రాస్తూ రాస్తూ మధ్యలో తెగిపోతుంది. నా జూనియర్ కూడా లైన్‌లోకి వచ్చాడు. "అన్నా, స్నాప్‌షాట్ డిలీట్ కొట్టేద్దామా?" ఎవరికైనా మొదట తోచేది అదే. కానీ నడుస్తున్న వీఎంలో స్నాప్‌షాట్‌ని అసలు డిస్కులో కలిపేటప్పుడు, ఆ సమయంలో వచ్చే రాతలకు ఇంకో తాత్కాలిక ఫైలు కావాలి. థిన్ డిస్కు అయితే కలిసేకొద్దీ అదీ పెరుగుతుంది. చోటే లేనిచోట ఆ పని మొదలుపెడితే సగంలో ఇరుక్కుంటాం.

ఆదివారం ల్యాబ్‌లో సరిగ్గా ఇదే ఫాల్ట్ పెట్టారు. అందుకే ఏం చేయాలో చెయ్యికే తెలుసు. 32 జీబీ మెమరీ ఇచ్చిన ఒక టెస్ట్ వీఎం ఆ డేటాస్టోర్ మీదే ఊరికే నడుస్తోంది. దాన్ని ఆపేశాను. మెమరీ రిజర్వేషన్ లేని, అంటే హోస్టులో మెమరీ ముందే అట్టిపెట్టని ప్రతి వీఎం నడిచినంతసేపూ తన మెమరీ అంత స్వాప్ ఫైలు డేటాస్టోర్‌లో పెట్టుకుంటుంది, ఆపగానే అది పోతుంది. ఒక్క దెబ్బకి 32 జీబీ ఖాళీ. అప్పుడు రీట్రై. కాటా వీఎం రీబూట్ లేకుండా ఎక్కడ ఆగిందో అక్కణ్నుంచే లేచింది. ఫోన్‌లో ప్రింటర్ చప్పుడు విన్నాను. ఆ తర్వాత పాత ఐఎస్‌వో (ఇన్‌స్టాలేషన్ డిస్కు) ఫైళ్లు తీసేసి, ఒక చిన్న వీఎంని వేరే డేటాస్టోర్‌కి జరిపి, అప్పుడు స్నాప్‌షాట్ డిలీట్ పెట్టాను. 99 శాతం దగ్గర గంటకు పైగా నిలబడింది. జూనియర్‌కి ఒకటే టెన్షన్. ఆ 99 దగ్గర ముట్టుకోకూడదని కూడా ల్యాబ్‌లోనే చూశాను. తెల్లారేసరికి అయిపోయింది.

ఈ ఒక్క రాత్రికే ఫీజు గిట్టుబాటైందని అప్పట్లో అందరికీ చెప్పేవాణ్ని. ఆ మాట ఇప్పుడు కొంచెం తగ్గించి చెప్పాలి.

ఎందుకంటే ల్యాబ్‌లో కరెంటు పోదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దాని ముందు మా ప్లాంట్‌లో సర్వర్లన్నీ మేమే ఆపాల్సి వచ్చింది, జనరేటర్ డీజిల్ కోల్డ్ స్టోరేజీకే అట్టిపెట్టారు. ఏది ముందు ఆపాలి, ఏది ముందు లేపాలి అనేది కోర్సులో ఒక్క ముక్క లేదు. మా వీసెంటర్ ఆ క్లస్టర్ మీదే నడిచే వీఎం. పేర్లను ఐపీ చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్ కూడా అంతే. తిరిగి లేపినప్పుడు డీఎన్‌ఎస్ లేదు కాబట్టి వీసెంటర్ సరిగా లేవదు, వీసెంటర్ లేదు కాబట్టి డీఎన్‌ఎస్ వీఎం ఏ హోస్టులో ఉందో చూపించేది ఏదీ లేదు. ఒక్కో హోస్టులోకి ఐపీతో నేరుగా లాగిన్ అయ్యి వెతుక్కున్నాం. ఇప్పుడా రెండూ మామూలుగా మొదటి హోస్టు మీదే ఉండేలా డీఆర్‌ఎస్ రూల్ పెట్టాను. స్టోరేజ్, హోస్టులు, డీఎన్‌ఎస్, వీసెంటర్, డేటాబేస్, తర్వాత మిగతావి... ఈ వరస ఐపీలతో సహా కాగితం మీద రాసి ర్యాక్ తలుపుకి అంటించాం. నెల్లూరు, ప్రకాశం తీరంలో ఉద్యోగం చేసేవాడికి పోర్ట్ గ్రూప్ అక్షరం కంటే ముందు నేర్పాల్సింది ఇది.

క్లౌడ్ భాగం ఇంకా పల్చన. చివరి వారాల్లో వేరే ఆయన వచ్చి స్లైడ్లు చదివారు. ఫాల్ట్ ల్యాబ్ లేదు. "మెషీన్ ఆపేస్తే బిల్లు ఆగిపోతుంది" అన్నారు. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో ఆగేది మెషీన్ బిల్లు మాత్రమే, దాని డిస్కుకు కడుతూనే ఉండాలి. మెషీన్‌కి మారకుండా ఉండేలా అట్టిపెట్టుకున్న పబ్లిక్ ఐపీవీ4 చిరునామా (ఎలాస్టిక్ ఐపీ, ఇంటర్నెట్‌లో దాని అడ్రస్) ఉంటే, మెషీన్ ఆపినా దానికి కూడా గంటకు 0.005 డాలర్ల లెక్కన పడుతుంది. హైదరాబాద్ రీజియన్‌లో మేం పెట్టిన బ్యాకప్ టెస్ట్ మెషీన్ సంగతి మా అకౌంటెంట్ అడిగారు, "ఆపిన దానికి బిల్లేంది సార్?" అని. ఆయనడిగిన దానికి జవాబు కోర్సులో ఉండాల్సింది.

ఇక వీస్ఫియర్ 7 మీద నేర్చుకున్న మెనూలు మారిపోయాయి, దాని సాధారణ సపోర్ట్ 2025 అక్టోబరు 2తో అయిపోయింది. 2023 నవంబరులో వీఎంవేర్‌ని బ్రాడ్‌కామ్ కొన్నాక శాశ్వత లైసెన్సులు అమ్మడం ఆపేశారు. ఉచిత ఈఎస్‌ఎక్స్‌ఐ (హోస్టు మీద వేసే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్) 2024 ఫిబ్రవరిలో పోయి, 2025 ఏప్రిల్‌లో తిరిగొచ్చింది. కానీ ఆ ఉచిత వెర్షన్‌ని వీసెంటర్‌లో కలపడానికి కుదరదు, కాబట్టి క్లస్టర్ సాధన దాని మీద జరగదు. కోర్సు వాళ్ల ల్యాబ్ లాగిన్ ఆరు నెలలకే మూసేశారు. అందుకే మా జూనియర్‌కి మూడు పాత డెస్క్‌టాప్‌ల మీద ప్రాక్స్‌మాక్స్ (ఇలాంటి పనే చేసే ఉచిత సాఫ్ట్‌వేర్) వేసిచ్చాను. నడుస్తున్న వీఎంని జరపడం, హెచ్‌ఏ రెండూ అందులో ఉన్నాయి. శనివారం ఇంటికెళ్లేముందు నేనే ఏదో ఒకటి చెడగొట్టి పోతాను.

మరి చేరొచ్చా? నాకైతే లాభమే. కానీ నా ఫీజులో సగం కంపెనీ కట్టింది, నేర్చుకున్నది సోమవారం వెళ్లి చూసుకోవడానికి నా చేతికింద క్లస్టర్ ఉంది. ఇప్పుడే డిగ్రీ చేతికొచ్చి, అప్పు చేసి మొత్తం ఫీజు సొంతంగా కట్టేవాళ్లకి అదే మాట చెప్పలేను, వాళ్లు ముందు ప్రాక్స్‌మాక్స్‌తో ఇంట్లో మొదలుపెట్టడమే మేలు. పూర్తిగా క్లౌడ్ ఉద్యోగం కోసమైతే ఈ కోర్సు వద్దు. ఇప్పటికే నాలుగు సర్వర్లు చూసుకుంటున్నవాళ్లు చేరొచ్చు, అదీ ఆదివారం ఫాల్ట్ ల్యాబ్ ఇంకా పెడుతుంటేనే. చేరేముందు ఆ సంగతి, ల్యాబ్ లాగిన్ ఎన్ని నెలలిస్తారన్న సంగతి రెండూ అడిగి, మెయిల్‌లో రాయించుకోండి.