త్రిష ఆట కోసం క్లాంగ్ దాకా: హనుమకొండ నుంచి మలేషియా యాత్ర

2025 జనవరి 18 నుంచి ఫిబ్రవరి 2 వరకు మలేషియాలో జరిగిన అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్‌లో భారత జట్టు తన మ్యాచ్‌లన్నీ ఒకే మైదానంలో, రాజధాని కౌలాలంపూర్‌కు దగ్గరలోని క్లాంగ్ పట్టణాన్ని ఆనుకొని ఉన్న పండమారన్‌లోని బయూమాస్ ఓవల్‌లో ఆడింది. జట్టు వెంట ఊరూరా తిరగకుండా ఒకచోట దిగితే సరిపోతుందన్న ధైర్యంతోనే నేను, మా చెల్లెలు, హనుమకొండలో రోజూ సాయంత్రం నెట్స్‌కు వెళ్లే దాని కూతురు, ముగ్గురం బయలుదేరాము. ఈ పోటీకి ఇది రెండో అంకం మాత్రమే. 2023లో దక్షిణాఫ్రికాలో జరిగిన మొదటి టోర్నీని గెలిచింది కూడా మన అమ్మాయిలే. భద్రాచలంలో పుట్టిన గొంగడి త్రిష ఆ ఫైనల్‌లోనూ 24 పరుగులు చేసింది. ఆ అమ్మాయి క్రికెట్ శిక్షణ కోసం ఆమె తండ్రి కుటుంబాన్ని సికింద్రాబాద్‌కు మార్చిన సంగతి మన జిల్లాల్లో ఆటలాడే ఆడపిల్లలున్న ఇళ్లన్నింటికీ తెలిసినదే.

హనుమకొండ నుంచి శంషాబాద్ చేరడమే ఈ ప్రయాణంలో విసుగు పుట్టించే భాగం. ఆర్టీసీ బస్సులో ఉప్పల్ దాకా వచ్చి అక్కడ విమానాశ్రయానికి వెళ్లే పుష్పక్ బస్సు ఎక్కడం చౌక. సామాను ఎక్కువగా ఉంటే ముగ్గురు నలుగురు కలిసి కారు మాట్లాడుకొని ఘట్‌కేసర్ వద్ద ఔటర్ రింగు రోడ్డు పట్టుకోవడం మేలు. (వరంగల్ దగ్గర మూతపడి ఉన్న మామునూరు విమానాశ్రయంలో విమానం ఎక్కే రోజు కోసం వరంగల్ వాళ్లం తరాలుగా ఎదురుచూస్తూనే ఉన్నాము.) హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్‌కు నేరుగా విమానాలున్నాయి, ప్రయాణం సుమారు నాలుగు గంటలు. భారతీయులకు 30 రోజుల లోపు పర్యటనకు వీసా అక్కరలేదు గానీ, దిగే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపవలసి ఉంటుంది. అది నింపని వారు ఇమ్మిగ్రేషన్ వరుసకు పక్కన నిలబడి ఫోన్లతో కుస్తీ పట్టడం కనిపించింది.

బస విషయంలో మొదట కౌలాలంపూర్ ప్రధాన రైల్వే స్టేషన్ అయిన కేఎల్ సెంట్రల్ పక్కనే ఉన్న బ్రిక్‌ఫీల్డ్స్‌ను ఎంచుకున్నాము. విమానాశ్రయం నుంచి కేఎల్ సెంట్రల్‌కు ఎక్స్‌ప్రెస్ రైలు అరగంటలో చేరుస్తుంది. ఆ పేటంతా భారతీయ దుకాణాలు, గుళ్లు, అరిటాకు భోజనాలతో నిండి ఉంటుంది కనుక పెద్దవారితో వెళ్లినా తిండికి ఇబ్బంది ఉండదు. అయితే మేము దిగిన హోటల్ మాత్రం నాకు ఏమాత్రం నచ్చలేదు. ముగ్గురికని బుక్ చేసిన గదిలో రెండే మంచాలు వేసి, మూడో పరుపుకు విడిగా డబ్బు అడిగారు. పైగా గదికి కిటికీయే లేదు. మలేషియాలో తక్కువ ధర హోటళ్లలో కిటికీ లేని గదులు మామూలే కాబట్టి, బుక్ చేసేటప్పుడే ఆ మాట చూసుకోవాలి. విదేశీయుల నుంచి గదికి రాత్రికి 10 రింగిట్ల (మలేషియా కరెన్సీ) పర్యాటక పన్ను కూడా వసూలు చేస్తారు, ఇది యాప్‌లో చూపిన ధరలో చాలాసార్లు కలిసి ఉండదు. జనవరి 29 చైనా కొత్త సంవత్సరం కావడంతో ఆ వారమంతా గదుల ధరలు మండిపోయాయి, చైనీయుల భోజనశాలలు చాలా వరకు మూతపడ్డాయి.

అందుకే స్కాట్లాండ్‌తో మ్యాచ్ అయ్యాక బసను క్లాంగ్‌కు మార్చుకున్నాము. ఆట చూడడమే పనిగా వెళ్లేవారికి రాజధాని కంటే క్లాంగే మంచిదని నా నిశ్చితాభిప్రాయం. కేఎల్ సెంట్రల్ నుంచి కేటీఎం కొమ్యూటర్ రైలులో కొద్ది రింగిట్లకే అక్కడికి చేరవచ్చు గానీ, ఆ రైలు నెమ్మది. ఒకటి తప్పితే తరువాతిదాని కోసం చాలాసేపు కూర్చోవాలి. క్లాంగ్ నుంచి మైదానానికి ఫోన్ యాప్‌లో పిలిచే గ్రాబ్ కారు తేలికగా దొరుకుతుంది. మ్యాచ్ ముగిసిన వెంటనే అందరూ ఒకేసారి కార్లు పిలవడం వల్ల ఛార్జీ పెరుగుతుంది కాబట్టి కొంతసేపు ఆగి బయలుదేరడం తెలివైన పని. స్టేషన్‌కు దగ్గరలోని తెంగ్కు కెలానా వీధి క్లాంగ్‌కు లిటిల్ ఇండియా. అక్కడ ఇడ్లీ, తోసై (మన దోసె), పూలదండలు, చీరల దుకాణాలు అన్నీ తమిళం మాటల మధ్య దొరుకుతాయి. రాత్రి పొద్దుపోయాక కూడా తెరిచి ఉండే మామక్ (తమిళ ముస్లింల) హోటళ్లలో రోటీ చనాయ్ అనే పరోటా, తెహ్ తారిక్ అనే నురుగు పాల టీ మా ముగ్గురికీ తెగ నచ్చాయి.

ఇక మైదానం. ఉప్పల్ స్టేడియం వంటి గ్యాలరీలను ఊహించుకొని వెళ్తే నిరాశ తప్పదు. ఇది చిన్న మైదానం, నీడ తక్కువ, ఉక్కపోత మన మే నెలను తలపిస్తుంది. టోపీ, గొడుగు, నీళ్ల సీసా లేకుండా పూర్తి మ్యాచ్ చూడడం కష్టం, మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన పడే అవకాశమూ ఉంటుంది. కానీ చిన్నది కావడమే దాని గొప్ప. పెద్ద మ్యాచ్‌లలో తెరమీద తప్ప కనిపించని సంగతులు, బౌలర్ వేళ్లు బంతిని పట్టే తీరు, ఫీల్డర్లు ఒకరినొకరు హెచ్చరించుకునే పిలుపులు, ఇక్కడ కూర్చున్నచోటు నుంచే తెలుస్తాయి. జనవరి 28న త్రిష 59 బంతుల్లో 110 పరుగులతో అజేయంగా నిలిచి, ఈ టోర్నీ చరిత్రలో తొలి సెంచరీ చేసినప్పుడు, “పెద్దమ్మా, ముందు పాదం ఎంత తొందరగా కదులుతుందో చూడు” అని మా పిల్ల పరుగుల లెక్క వదిలేసి కాళ్లే చూసింది. భారత్ ఒకే వికెట్ కోల్పోయి 208 పరుగులు చేయగా స్కాట్లాండ్ 58కే కుప్పకూలింది. ఆ రోజు త్రిష బౌలింగ్‌లో కూడా 6 పరుగులిచ్చి 3 వికెట్లు తీసింది.

మ్యాచ్ లేని ఒక రోజున మురుగన్ (సుబ్రహ్మణ్యస్వామి) గుడి ఉన్న బటూ గుహలకు కేఎల్ సెంట్రల్ నుంచి రైలులోనే వెళ్లివచ్చాము. 272 మెట్లు మా చెల్లెలి మోకాళ్లకు పరీక్షే అయినా, ఉదయం ఎండ ఎక్కకముందు వెళ్తే ఎక్కగలరు. కౌలాలంపూర్‌లోని ఎత్తైన జంట భవనాలు పెట్రోనాస్ టవర్లను కిందినుంచి చూసి ఫొటో తీసుకుంటే చాలు, పైకెక్కే టికెట్టు ఆ ధరకు తగినది అనిపించలేదు.

ఫైనల్ ఆదివారం, స్థానిక సమయం ప్రకారం మధ్యాహ్నం రెండున్నరకు మొదలైంది. దక్షిణాఫ్రికా 20 ఓవర్లు ఆడి 82 పరుగులకు ఆలౌటైంది. త్రిష 15 పరుగులకు 3 వికెట్లు తీసి, తరువాత 33 బంతుల్లో 44 పరుగులతో నిలబడింది. 11.2 ఓవర్లలో 9 వికెట్ల తేడాతో పని పూర్తయింది. టోర్నీ మొత్తం మీద 309 పరుగులు, 7 వికెట్లతో టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం కూడా ఆమెదే. 2008లో కోహ్లీ నాయకత్వంలోని అబ్బాయిల అండర్-19 జట్టు కూడా ఇదే దేశంలో, కినరారా ఓవల్‌లో, దక్షిణాఫ్రికా మీదే ప్రపంచకప్ గెలిచిందని మా పక్కన కూర్చున్న మలేషియా తెలుగు పెద్దాయన గుర్తుచేశారు. తోటల పనికి వచ్చిన తాతల నాటి తెలుగు ఆయన నోట ఇంకా చక్కగా పలుకుతోంది.

తిరుగు ప్రయాణానికి మరునాటి మధ్యాహ్నం తరువాతి విమానమే పెట్టుకోవడం మంచిది. ఫైనల్ రాత్రే విమానాశ్రయానికి పరుగెత్తేలా టికెట్లు తీసుకున్న ఒక కుటుంబం బహుమతి ప్రదానం చూడకుండానే లేచిపోయింది.