శాంటా క్రూజ్‌లో మకాం, చుట్టూ దీవులు: గాలాపగోస్‌లో తొమ్మిది రోజులు

పసిఫిక్ సముద్రంలో ఈక్వడార్ దేశానికి చెందిన గాలాపగోస్ దీవులకి వెళ్తున్నామంటే తెలిసినవాళ్ళంతా ఓడ యాత్రే తీసుకోమన్నారు. వారం రోజులు తిండీ నిద్రా ఓడలోనే, రాత్రంతా ప్రయాణం, తెల్లారేసరికి కొత్త దీవి. మేం అలా వెళ్ళలేదు. మా అమ్మకి 67 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పి ఉంది, పడవ ఊగితే కడుపులో తిప్పుతుంది. అందుకని శాంటా క్రూజ్ దీవిలో బీచ్ పక్కనే ఉన్న ఒక హోటల్లో ఎనిమిది రాత్రులు మకాం పెట్టాం. పొద్దున్నే పడవెక్కి ఒక దీవి చూడటం, సాయంత్రానికి మళ్ళీ అదే గదికి రావడం, మధ్యలో విశ్రాంతి రోజులు. నేను, నా భార్య, అమ్మ, పదేళ్ళ పాప. ఆగస్టులో వెళ్ళాం. ఈ పద్ధతిలో ఏది దక్కుతుంది, ఏది దక్కదు, మేం ఎక్కడ పొరపాటు చేశాం అనేది వెళ్ళాలనుకునేవాళ్ళకి తెలియాలని ఇది రాస్తున్నాను.

ముందు ఖర్చు సంగతి. ఈక్వడార్‌లో చెల్లేది అమెరికన్ డాలరే. ప్రధాన భూభాగంలోని గ్వాయాకీల్ నగరంలో విమానం ఎక్కేముందు మనిషికి 20 డాలర్లు పెట్టి ప్రయాణ అనుమతి కార్డు తీసుకోవాలి. బాల్ట్రా దీవిలో దిగాక నేషనల్ పార్కు రుసుము కట్టాలి. 2024 ఆగస్టు నుంచి విదేశీయులకి ఇది 200 డాలర్లయింది, పన్నెండేళ్ళలోపు పిల్లలకి 100. నలుగురికీ కలిపి ఇంకా ఏ దీవీ చూడకముందే 780 డాలర్లు అయిపోయాయి. పార్కు రుసుముకి నోట్లు చేతిలో ఉంచుకోండి. పళ్ళు, విత్తనాలు, మట్టి అంటుకున్న బూట్లు లాంటివి లేకుండా సర్దుకోండి, సామాను తనిఖీ గట్టిగానే ఉంటుంది. బయటి నుంచి వచ్చే ఒక్క పురుగు, ఒక్క మొక్క అక్కడి జీవాల్ని ఎంత దెబ్బ తీస్తుందో అక్కడ నాలుగు రోజులు ఉన్నాక మాకే అర్థమైంది.

బాల్ట్రా నుంచి బస్సులో, దానికీ శాంటా క్రూజ్‌కీ మధ్య ఉన్న సముద్రపు కాలువ దాకా, కాలువ దాటడానికి చిన్న పడవ, అవతల నుంచి కారులో ముప్పావు గంట. దీవి మధ్యలోని ఎత్తు ప్రాంతం దాటుతుంటే మంచులాంటి సన్న జల్లు. అక్కడివాళ్ళు దాన్ని గరూవా అంటారు. జూన్ నుంచి నవంబరు దాకా చల్లటి సముద్ర ప్రవాహాల వల్ల ఇలా ఉంటుంది. దీవి కిందకి దిగితే ఎండ, పైకెక్కితే జల్లు. భూమధ్యరేఖ దగ్గర స్వెటర్ వేసుకోవాల్సి వస్తుందని అమ్మ అస్సలు అనుకోలేదు.

మా హోటల్ ప్వెర్తో అయోరా ఊరికి ఎదురు గట్టున ఉంది. రోడ్డు లేదు. రేవులో నీటి టాక్సీ ఎక్కాలి, మనిషికి ఒక డాలరు. దిగాక మడ చెట్ల మధ్య ఐదు నిమిషాలు నడక. సామాను హోటల్ వాళ్ళే మోశారు. అయితే ఊగే పడవ నుంచి గట్టు మీదకి అడుగు వేయడం అమ్మకి రోజూ ఒక పరీక్షే అయింది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఇది ఆలోచించుకోవాలి, ఎందుకంటే ఊళ్ళోకి భోజనానికి వెళ్ళాలన్నా ఇదే దారి. ఆ ఇబ్బందికి బదులుగా దొరికింది మాత్రం గొప్పది. బండి చప్పుడు లేదు. పొద్దున వరండాలో కూర్చుంటే ఫించ్ పిట్టలు కుర్చీ చేతి మీదే వాలతాయి. మడ చెట్ల వేళ్ళ మధ్య కొంగ కదలకుండా నిలబడి ఉంటుంది. బీచ్‌లో సముద్రపు ఇగ్వానాలు, అంటే సముద్రంలో మేసే ఉడుముల్లాంటి జీవాలు, ఎండకి కాగుతూ ఉండుండి ముక్కులోంచి ఉప్పునీళ్ళు చిమ్ముతాయి. ప్రపంచంలో సముద్రంలోకి దిగి నాచు మేసే బల్లి జాతి ఇదొక్కటే. నాచుతో పాటు ఒంట్లోకి వెళ్ళిన ఉప్పుని అలా బయటికి పంపేస్తాయి. పాప మొదటి రోజు గంటసేపు వాటి తుమ్ములు లెక్కపెట్టింది.

హోటల్ తనని తాను ఎకో హోటల్ అని చెప్పుకుంటుంది. ఆ మాట ఇప్పుడు ప్రతి చోటా వినిపిస్తుంది కాబట్టి నేను మేనేజర్‌ని కూర్చోబెట్టి అడిగాను: తాగే నీళ్ళు ఎక్కడివి, మురుగునీరు ఎక్కడికి పోతుంది, చెత్త ఏం చేస్తారు? ఆయన విసుక్కోకుండా వెనక్కి తీసుకెళ్ళి చూపించారు. ఉప్పునీటిని మంచినీరుగా మార్చే సొంత యంత్రం ఉంది. వాడిన నీటిని శుద్ధి చేసి మొక్కలకి పెడతారు. వేడినీళ్ళు సోలార్ మీదే. ఈ ప్రశ్నలు అక్కడ ఊరికే అడిగేవి కావు. శాంటా క్రూజ్‌లో మంచినీళ్ళకి కటకట, ఊళ్ళో కుళాయి నీళ్ళు తాగడానికి పనికిరావు. గదిలో తువ్వాలు రోజూ ఉతకవద్దని ఒక కార్డు పెట్టేసి ఎకో అనుకునే హోటళ్ళు చాలా చూశాను. ఇది అలాంటిది కాదు, అందుకే ఎక్కువ డబ్బు ఇచ్చినందుకు నాకు బాధ లేదు.

లోపాలూ ఉన్నాయి. రాత్రి భోజనంలో శాకాహారులకి రెండే రకాలు, మూడో రోజుకి మొహం మొత్తింది. ఊళ్ళో చిన్న భోజన హోటళ్ళే మాకు దిక్కయ్యాయి. అక్కడ అన్నంతో పాటు మెనెస్త్రా అని చిక్కటి బీన్స్ కూరో పప్పో పెడతారు, పక్కన వేయించిన పచ్చి అరటి ముక్కలు. ముందే మాంసం వద్దని చెప్పాలి. అమ్మ అది కలుపుకుని తిని, "ఇన్నాళ్ళకి అన్నం తిన్నట్టుందిరా" అంది. ఇంకో లోపం, హోటల్ బల్ల దగ్గర అమ్మే దీవి టూర్లు. అదే దీవికి ఊళ్ళో ఏజెన్సీలు చెప్పే ధర చాలా తక్కువ. కాకపోతే తక్కువ ధరకి వెళ్తే ఏం జరుగుతుందో కూడా మేం చూశాం.

దీవుల్లో మొదట వెళ్ళింది నార్త్ సేమూర్. మనిషికి రెండొందల డాలర్ల పైన అయింది, ప్రతి డాలరుకీ న్యాయం జరిగింది. కాలువ దగ్గర నుంచే పడవ బయల్దేరుతుంది కాబట్టి సముద్రం మీద గంటలోపే. అమ్మకి మాత్ర వేశాం, ఇబ్బంది పడలేదు. రాళ్ళ మీద దిగాలి, కాస్త జారుతుంది, పడవవాళ్ళు రెండు చేతులూ పట్టుకుని దించారు. పార్కు లైసెన్సు ఉన్న గైడ్ లేకుండా ఈ దీవి మీద అడుగు పెట్టనివ్వరు. ఒక గైడ్‌కి పదహారు మంది మించకూడదు, దారి దాటకూడదు, జంతువులకి రెండు మీటర్ల దూరం పాటించాలి.

చిక్కేమిటంటే ఆ దూరం జంతువులు పాటించవు. నీలికాళ్ళ బూబీ పక్షుల జంట సరిగ్గా నడిచే దారి పక్కనే ఆట మొదలుపెట్టింది. మగపక్షి ఒక కాలు ఎత్తి చూపిస్తుంది, దించుతుంది, ఇంకో కాలు ఎత్తుతుంది. తర్వాత రెక్కలు విప్పి, ముక్కు ఆకాశానికి పెట్టి ఈల వేస్తుంది. ఆ కాళ్ళకి నీలం రంగు రావడంలో తినే చేపల పాత్ర ఉందని గైడ్ చెప్పాడు. సరిగ్గా తిండి దొరక్కపోతే రంగు వెలిసిపోతుంది. అందుకే ఆడపక్షి కాళ్ళు చూసి జోడీని ఎంచుకుంటుంది. మేం పదహారు మందిమీ ఇరవై నిమిషాలు అక్కడే నిలబడిపోయాం. ఎవరూ మాట్లాడలేదు. పైన పొదల్లో మగ ఫ్రిగేట్ పక్షులు గొంతు కింది సంచిని ఎర్రటి బుడగలా ఉబ్బించి, ఆడపక్షి పైనుంచి వెళ్తే చాలు రెక్కలు వణికిస్తున్నాయి. ఒక మలుపు దగ్గర సముద్ర సింహం పిల్ల దారికి అడ్డంగా పడుకుని ఉంది. పాప "నానమ్మా, దీన్ని లేపుదామా?" అంటే, "నిద్రపోయే పిల్లని లేపకూడదమ్మా, మనమే ఆగుదాం" అని అమ్మ ఒక రాయి చూసుకుని కూర్చుంది. అది లేచి తల్లి దగ్గరికి పోయేదాకా గైడ్ కూడా మమ్మల్ని కదలనివ్వలేదు.

అదే దీవిలో నాగజెముడు చెట్ల కింద పసుపు రంగు నేల ఇగ్వానాలు ఉన్నాయి. వాటి కథ విన్నాక ఆ దీవి మీద నాకు ప్రేమ రెట్టింపయింది. అవి అక్కడివి కావు. 1930లలో మొదట్లో కొందరు పక్కనున్న బాల్ట్రా నుంచి కొన్ని డజన్ల ఇగ్వానాల్ని తెచ్చి ఇక్కడ వదిలారు. తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో బాల్ట్రా అమెరికా సైన్యానికి వైమానిక స్థావరమైంది, అక్కడి ఇగ్వానాలు పూర్తిగా అంతరించిపోయాయి. ఇక్కడ మిగిలినవాటి నుంచే పిల్లల్ని పెంచి, 1991 నుంచి మళ్ళీ బాల్ట్రాకి పంపుతూ వచ్చారు. 2019లో ఇంకో 1,400కి పైగా ఇగ్వానాల్ని ఈ దీవి నుంచే శాంటియాగో దీవికి తీసుకెళ్ళారు. 1835లో డార్విన్ వచ్చినప్పుడు శాంటియాగోలో గుడారం వేయడానికి చోటు దొరకనన్ని ఇగ్వానా బొరియలు ఉండేవట, ఆ తర్వాత ఒక్కటీ మిగలలేదు. రెండు చదరపు కిలోమీటర్లు కూడా లేని ఈ చిన్న దీవి రెండు పెద్ద దీవులకి విత్తనాల గాదెలా పనికొచ్చింది.

ఇసబెలా దీవి దగ్గర మేం పొరపాటు చేశాం. చవకగా వస్తుందని ఒక రోజు టూర్ తీసుకున్నాం. పొద్దున్నే రేవులో సామాను తనిఖీ, తర్వాత చిన్న స్పీడ్‌బోట్‌లో రెండు గంటలు. ఆగస్టులో సముద్రం గట్టిగా ఉంటుంది, పడవ అల మీద నుంచి అల మీదకి ఎగిరి పడుతూ వెళ్ళింది. అమ్మ రెండు గంటలూ కళ్ళు మూసుకుని నా చెయ్యి వదల్లేదు. అక్కడి ప్వెర్తో విల్యామిల్ రేవులో మనిషికి పది డాలర్ల రుసుము. అక్కడి నుంచి అంతా పరుగు: ఫ్లెమింగోల చెరువు దగ్గర పది నిమిషాలు, తాబేళ్ళ పెంపక కేంద్రంలో అరగంట, భోజనం, ఆ తర్వాత తింతొరేరాస్ అనే నల్ల లావా దిబ్బలు. అవి నిజంగా అద్భుతం. లావా మధ్య సన్నటి నీటి పాయలో తెల్లమొన షార్కులు వరసగా పడుకుని ఉంటాయి, పైనుంచి చూస్తే చేపల చెరువులో చూసినంత స్పష్టంగా కనిపిస్తాయి. రాతి మీద రెండు పెంగ్విన్లు. కానీ మధ్యాహ్నం మూడింటికి బయల్దేరే పడవకి టైమ్ అయిందని గైడ్ తొందరపెట్టాడు. ఈతకని ఇచ్చిన వెట్‌సూట్, అంటే చన్నీళ్ళలో చలి ఆపే బిగుతు సూటు, భుజం దగ్గర చిరిగి ఉండటంతో నా భార్య చన్నీళ్ళలో వణికి మధ్యలోనే పైకొచ్చేసింది. ఫిర్యాదు చేస్తే ఏజెన్సీవాళ్ళు వినలేదు. మళ్ళీ రెండు గంటల పడవ. ఆ దీవిలో ఉన్నది నాలుగు గంటలు చిల్లర, దానికి నాలుగు గంటల సముద్రం. ఇసబెలా చూడాలంటే మామూలు ఫెర్రీలో వెళ్ళి అక్కడే రెండు రాత్రులు ఉండండి. సియెర్రా నెగ్రా అగ్నిపర్వతం కూడా ఎక్కొచ్చు. టూర్ డబ్బులు కట్టేముందు వెట్‌సూట్ చూపించమని అడగండి, మేం తర్వాత బార్తొలోమే దీవి టూర్‌కి అదే చేశాం.

బార్తొలోమేకి అమ్మ రాలేదు. మూడొందలకు పైగా చెక్క మెట్లు. పైనుంచి కనిపించే దృశ్యం ఫొటోల్లో చూసిందే, కానీ కింద నీళ్ళలో ఒక పెంగ్విన్ మా పాప పక్కనుంచి బాణంలా దూసుకుపోయినప్పుడు నీళ్ళలోంచే పాప అరుపు వినిపించింది. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

చిత్రంగా అమ్మకి బాగా నచ్చిన రెండూ పడవతో పని లేనివి. ఒకటి ఎల్ చాతో వైపు ఎత్తు ప్రాంతంలోని పచ్చిక బయళ్ళు. రబ్బరు బూట్లు ఇస్తారు, జల్లులో బురదలో నడవాలి. రెండొందల కిలోల తాబేళ్ళు కంచె ఏమీ లేకుండా గడ్డి తింటూ తిరుగుతుంటాయి. మనం దగ్గరికొస్తే తల లోపలికి లాక్కుంటూ బుస్సుమంటాయి. అది కోపం కాదు, లాక్కునేటప్పుడు ఊపిరితిత్తుల్లోంచి గాలి బయటికొచ్చే చప్పుడు. రెండోది డార్విన్ పరిశోధన కేంద్రంలో లోన్సమ్ జార్జ్ అనే తాబేలు ఉన్న గది. పింతా దీవి తాబేలు జాతిలో ఆఖరిది. 1971లో దొరికింది, 2012 జూన్ 24న చనిపోయింది, దాంతో ఆ జాతే పోయింది. దాని శరీరాన్ని చల్లటి గదిలో భద్రపరిచారు. అమ్మ అక్కడ చాలాసేపు నిలబడింది. "నలభై ఏళ్ళు తోడు లేకుండా బతికిందా?" అని అడిగింది. బయటికొచ్చాక పాప డియేగో అనే తాబేలు గురించి నానమ్మకి చదివి వినిపించింది. ఎస్పన్యోలా దీవి జాతిలో పద్నాలుగే మిగిలితే, శాన్ డియేగో జూ నుంచి వచ్చిన డియేగోని వాటితో కలిపి సంతతిని పెంచారు. 2020లో దాన్ని తిరిగి సొంత దీవిలో వదిలేసే నాటికి ఆ దీవిలో రెండు వేల తాబేళ్ళు ఉన్నాయి. అమ్మ మొహం అప్పుడు తేటపడింది.

విశ్రాంతి రోజున తొర్తూగా బేకి వెళ్ళాం. రాళ్ళు పరిచిన దారి, రెండున్నర కిలోమీటర్లు, నీడ తక్కువ. మొదట వచ్చే పెద్ద బీచ్‌లో ప్రవాహాలు ప్రమాదకరం, ఈతకి దిగకూడదు. చివరిదాకా నడిస్తే వచ్చే ప్రశాంతమైన మడుగులోనే దిగాలి. అమ్మ మధ్యలో నాలుగు సార్లు కూర్చుంది, అయినా చేరింది.

ఒక ప్రాంతంలో మకాం పెడితే దక్కనివి కూడా చెప్పాలి. ఎగరలేని కార్మొరాంట్ పక్షులు ఫెర్నాందినాలో, ఇసబెలా పడమటి ఒడ్డున ఉంటాయి. అక్కడికి ఓడ యాత్రలే గతి. ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపు పక్షుల కోసమైతే శాన్ క్రిస్తోబల్ దీవిలో మకాం పెట్టుకుని ఎస్పన్యోలాకి ఒక రోజు టూర్ తీసుకోవచ్చు. ఈసారి వెళ్తే నేను ఆరు రాత్రులు శాంటా క్రూజ్‌లో, రెండు ఇసబెలాలో ఉంటాను, నార్త్ సేమూర్‌కి రెండుసార్లు వెళ్తాను.

తిరుగు ప్రయాణం రోజు బాల్ట్రాలో బస్సు ఉన్నట్టుండి ఆగింది. ముందు రోడ్డు మీద ఒక పసుపు ఇగ్వానా ఎండ కాగుతోంది. డ్రైవర్ హారన్ కొట్టలేదు, ఇంజన్ ఆపేసి కూర్చున్నాడు. విమానానికి టైమ్ అవుతోందని ఎవరో వెనక నుంచి అన్నారు. పాప కిటికీకి ముక్కు ఆనించి, "నాన్నా, ఇది నార్త్ సేమూర్ నుంచి వచ్చినవాటి పిల్లే కదా?" అంది. అవునన్నాను. అది నాలుగు అడుగులు వేసి, ఆగి, ఇంకో నాలుగు వేసి పొదల్లోకి వెళ్ళాక బస్సు కదిలింది.