రెండు సంస్థలు, ఒక టేకు మంచం: నల్లుల నివారణ సేవపై సమీక్ష

గత నాలుగు నెలల్లో హైదరాబాద్ వనస్థలిపురంలోని మా ఇంటికి నల్లుల మందు కొట్టడానికి రెండు సంస్థల వాళ్లు వచ్చారు. మొదటివారు 1,500 రూపాయలు తీసుకుని, ఇల్లంతా నిమ్మగడ్డి వాసన నింపి, ఏడాది వారంటీ అని రాసిన కాగితం చేతిలో పెట్టి వెళ్లారు. రెండవవారు రెండు విడతలకు కలిపి 5,200 రూపాయలు తీసుకుని నల్లులను నిజంగానే వదిలించారు. ఈ సమీక్ష ప్రధానంగా రెండవవారి పని గురించే. ఇద్దరి పేర్లూ నేను రాయడం లేదు. ఎందుకంటే నేను తూచదలచుకున్నది పని చేసిన పద్ధతిని, బోర్డు మీది పేరును కాదు. అదే సంస్థ నుంచి రేపు మరొక పనివాడు వస్తే ఇంత ఓపికగా చేస్తాడని నేను పూచీ పడలేను.

నల్లులు మా ఇంటికి ఎలా వచ్చాయో ముందు చెప్పాలి. మా అబ్బాయి ఏప్రిల్ చివర ఇంటర్ మొదటి సంవత్సరం ముగించుకుని హాస్టల్ నుంచి ఒక ఇనుప పెట్టె, చుట్ట చుట్టిన పరుపు పట్టుకుని వచ్చాడు. ఆ పరుపును ఎండలో ఒక పూట వేసి లోపల పెట్టేశాను. మే నెలాఖరుకు వాడి ముంజేతుల మీద, మెడ మీద మూడేసి, నాలుగేసి దద్దుర్లు వరుసగా లేవడం మొదలైంది. మేమందరం దోమలే అనుకున్నాం. వాడి పక్కనే పడుకునే మావారికి ఒక్క మచ్చ కూడా లేకపోవడంతో ఆ అనుమానం ఇంకా బలపడింది. నల్లి కాటుకు కొందరి ఒంటి మీద ఏ గుర్తూ కనిపించదని, మచ్చలు లేనంత మాత్రాన కుట్టనట్లు కాదని మాకు అప్పటికి తెలియదు. అసలు సంగతి పట్టుకున్నది మా అత్తయ్యగారు. దుప్పటి మార్చడానికి ఆ గదిలోకి వెళ్లినావిడ గుమ్మంలోనే ఆగిపోయి, "కొత్తిమీర వాడిపోయిన వాసన వస్తోంది, ఇది నల్లి కంపే" అన్నారు. ఆవిడ చిన్నతనంలో మంచాలను వాకిట్లో వేసి మరిగే నీళ్లు పోయడం, కోళ్లను నేలకేసి కొట్టి నల్లుల్ని రాల్చడం ప్రతి వేసవిలోనూ చూసిన మనిషి. మేము నవ్వి ఊరుకున్నాం. ఆ రాత్రి మూడు గంటలకు టార్చి వేసి చూస్తే దిండు గలీబు అంచు వెంట కందిపప్పు బద్దంత పురుగు ఒకటి నింపాదిగా నడిచి వెళుతోంది.

మొదటి సంస్థ మనిషి ఇరవై నిమిషాల్లో పని ముగించాడు. పరుపు పైన, గది మూలల్లో, నేల మీద ఫినాయిలు చల్లినట్లు చల్లాడే తప్ప పరుపు ఎత్తమని గాని, మంచం జరపమని గాని అడగలేదు. మందు పేరు అడిగితే ఆయుర్వేదం మందు, పిల్లలున్నా భయం లేదు అన్నాడు. సీసా మీద లేబుల్ లేదు. ఎనిమిదో రాత్రి మళ్లీ దద్దుర్లు వచ్చాయి. ఫోన్ చేస్తే, అవి బయట నుంచి కొత్తగా వచ్చినవి, వారంటీ కిందికి రావు అన్నారు. పాత నల్లికి, కొత్త నల్లికి తేడా ఫోన్లోనే కనిపెట్టగల ఆ నైపుణ్యానికి ఏం చెప్పాలో నాకు తోచలేదు.

మా తప్పు కూడా ఒకటుంది. అబ్బాయిని ఆ గదిలో పడుకోవద్దని హాల్లోని దివాన్ మీదికి మార్చాం. నల్లి మనిషి ఒంటి వేడిని, ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును పసిగట్టి వస్తుంది. మనిషి గది మారితే అదీ వెతుక్కుంటూ బయలుదేరుతుంది, లేదా దుప్పట్లతో, దిండ్లతో మన చేతుల మీదుగానే చేరుతుంది. పది రోజుల్లో దివాన్ కుట్లలోనూ నల్లటి చుక్కలు, సిరా పెన్ను మొన ఆనించినట్లు కనిపించాయి. ఒక గది సమస్యను మేమే రెండు గదులకు పెంచుకున్నాం.

ఈ దశలో సలహాలు చాలా వచ్చాయి. వాటిలో ఒకటి ప్రమాదకరమైనది కాబట్టి దాని దగ్గర కాస్త ఆగుతాను. ఎరువుల దుకాణంలో దొరికే ఏదో ఒక పురుగుమందు తెచ్చి మంచానికి పూయమని ఇద్దరు చెప్పారు. ఒకప్పుడు ఇళ్లలో నల్లులకు విరివిగా వాడిన డైక్లోర్వాస్‌ను మన దేశంలో 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించారు. ఇక గోదాముల్లో ధాన్యానికి పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల సంగతి ఇంకా ఘోరం. గాలిలోని తేమ తగిలితే చాలు, వాటి నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వెలువడుతుంది. మనుషులు నిద్రపోయే గదిలో గాని, పక్క గదిలో గాని అవి ఉండకూడదు. నల్లి కాటు వల్ల దురద, నిద్రలేమి, చిరాకు తప్పవు గాని, అది మనుషులకు జబ్బులు అంటిస్తుందని ఇంతవరకు రుజువు కాలేదు. అలాంటి పురుగు కోసం ప్రాణాల మీదికి తెచ్చుకోవడం, నల్లి మీద కోపం మంచం మీద చూపించడం కంటే పెద్ద పొరపాటు.

రెండవ సంస్థను పిలిచే ముందు నేను మూడు విషయాలు అడిగాను: లైసెన్సు ఉందా, మందు పేరు రాసి ఇస్తారా, రెండో విడత ఎప్పుడు వస్తారు. ఇళ్లలో పురుగుల నివారణ పనిని వ్యాపారంగా చేసేవారికి 1968 నాటి క్రిమిసంహారకాల చట్టం, 1971 నాటి నియమాల ప్రకారం లైసెన్సు ఉండాలి. ఈ పనికి శిక్షణ ఇచ్చే జాతీయ స్థాయి సంస్థ ఒకటి మన రాజేంద్రనగర్‌లోనే ఉంది. ఫోన్ ఎత్తినావిడ విసుక్కోకుండా లైసెన్సు ఫొటో పంపారు. దానితో పాటు మేము ముందుగా చేయవలసిన పనులను కూడా రాసి పంపారు. దుప్పట్లు, గలీబులు, కర్టెన్లు మూటగట్టిన సంచిలోనే వాషింగ్ మెషీన్ దాకా తీసుకెళ్లి 60 డిగ్రీల వేడి నీటిలో ఉతకాలి. ఉతికినవాటిని కొత్త సంచుల్లో మూతి బిగించి ఉంచాలి. మంచం కింద సామాను తీసి అదే గదిలో ఒక పక్కన పెట్టాలి గాని వేరే గదికి చేర్చకూడదు. అన్నిటికంటే వింతగా తోచింది చివరి మాట: వాళ్లు వచ్చేదాకా ఎవరో ఒకరు రోజూ ఆ మంచం మీదే పడుకోవాలి. ఆ బాధ్యత, మచ్చలు రాని మావారికి అప్పగించాం.

నేను మరొక విన్నపం కూడా చేశాను. గోడంత నల్లి బొమ్మ వేసిన వ్యాను మా గేటు ముందు ఆగితే వీధంతా కథ పాకుతుంది కాబట్టి, వీలైతే బండి మీద రమ్మన్నాను. ఆవిడ నవ్వి, అందరూ ఇదే అడుగుతారమ్మా అన్నారు. ఇద్దరు పనివాళ్లు మామూలు చొక్కాల్లో, సామాను సంచిలో పెట్టుకుని రెండు చక్రాల బండి మీద వచ్చారు. నల్లులు శుభ్రత లేని ఇంట్లోనే ఉంటాయని మనలో పాతుకుపోయిన అపోహ నిజం కాదు. వాటికి కావలసింది మన నెత్తురు, ఒక సందు, అంతే.

ఇక తనిఖీ. నేను ఇచ్చిన డబ్బులో సగానికి పైగా దీనికే చెల్లిందని నా లెక్క. ఇద్దరిలో పెద్దవాడు గదిలోకి వచ్చి మందు సంచి విప్పనే లేదు. టార్చి, స్క్రూడ్రైవరు, వాడి పారేసిన ఒక ఏటీఎం కార్డు తీశాడు. పరుపు అంచు పట్టీని వేళ్లతో విప్పదీస్తూ నాలుగు వైపులా చూశాడు. తర్వాత మా అత్తయ్యగారి పెళ్లినాటి టేకు మంచానికి కోడులోకి పట్టె దిగే చోట ఉన్న సన్నటి సందులో ఆ కార్డును దూర్చి, కింది నుంచి పైకి నెమ్మదిగా లాగాడు. తెల్ల కాగితం మీద రాలినవాటిని నేను దగ్గరగా చూశాను. గోధుమ రంగు పెద్దవి రెండు. నువ్వు గింజ కంటే చిన్నవి, ఇంకా నెత్తురు తాగక గాజులా కనిపించేవి నాలుగైదు. విడిచిన పొట్టులు లెక్కలేనన్ని. ముత్యపు పొడిలాంటి తెల్లని గుడ్లు, ఒక్కొక్కటి మిల్లీమీటరు ఉంటుందేమో. మొదటి మనిషి చల్లిన మందు వీటి దరిదాపులకు కూడా పోలేదని అప్పుడు అర్థమైంది. మంచం మొత్తాన్ని విప్పి పట్టెలు గోడకు చేర్చేసరికి గంటన్నర పట్టింది. "మందు కొట్టుడు పావుగంట పని మేడమ్, యాడ కొట్టాల్నో చూసుడే అసలు పని" అన్నాడు. స్క్రూ రంధ్రాలు, తలవైపు చెక్క వెనక, స్విచ్‌బోర్డు మూత, గోడకు తగిలించిన పెళ్లి ఫొటో చట్రం వెనక కూడా చూశాడు. ఫొటో వెనక మూడు దొరికాయి.

తర్వాత ఆవిరి యంత్రం తీశారు. ఏ దశలోని నల్లి అయినా, గుడ్డుతో సహా, 50 డిగ్రీలు దాటిన వేడికి తాళలేదు. అయితే ఆవిరిని గబగబా తిప్పేస్తే వేడి లోపలి దాకా దిగదు, పైగా గాలి ఒత్తిడికి నల్లులు ఎగిరి పక్కన పడతాయి. అందుకే గొట్టం మూతికి గుడ్డ చుట్టి, పరుపు కుట్టు వెంట చీమ నడకన జరిపారు. ఆవిరి ఆరిన తర్వాతే సందుల్లోకి మందు పట్టించారు. అది పైరెత్రాయిడ్, నియోనికోటినాయిడ్ అనే రెండు వర్గాల మందుల మిశ్రమం. ఒక్క పైరెత్రాయిడ్‌తో ఎందుకు సరిపోదని అడిగితే, వాటికి నల్లులు అలవాటు పడిపోయాయని చెప్పాడు. ఇది కొత్త సంగతేమీ కాదు. డీడీటీ అనే పాత పురుగుమందుకు లొంగని నల్లులు హవాయి దీవుల్లోని పెర్ల్ హార్బర్ సైనిక స్థావరంలో 1947 నాటికే బయటపడ్డాయి. సీసా లేబుల్ మీద త్రికోణం రంగు కూడా చూపించాడు. ఎరుపు అయితే అతి విషపూరితం, తర్వాత వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. స్విచ్‌బోర్డుల్లో మాత్రం ద్రవం కొట్టకుండా పొడి మందు వాడారు. మమ్మల్ని నాలుగు గంటలు ఇల్లు విడిచి ఉండమన్నారు. అత్తయ్యగారిని తీసుకుని మా ఆడపడుచు ఇంటికి వెళ్లాం.

ఈ సేవలో రెండో విడతే ప్రాణం. మందు గుడ్ల మీద అంతగా పనిచేయదు. మన వాతావరణంలో వారం, పది రోజుల్లో అవి పిల్లలవుతాయి. ఆ పిల్లలు పెరిగి మళ్లీ గుడ్లు పెట్టకముందే పట్టుకోవాలి. పద్నాలుగో రోజున, మేము ఫోన్ చేయకుండానే, అదే ఇద్దరు వచ్చారు. అప్పటికి ఇంట్లో ఎవరికీ దద్దుర్లు లేవు కాబట్టి ఈసారి అక్కరలేదేమోనని మావారు నసిగారు. కార్డు పెట్టి లాగితే దివాన్ వెనక కాలి దగ్గర రెండు పిల్లలు రాలాయి. మావారు మళ్లీ మాట్లాడలేదు. వెళ్లేముందు మంచం కోళ్ల కింద నాలుగు నున్నటి ప్లాస్టిక్ గిన్నెలు పెట్టించి, లోపల టాల్కం పౌడరు పూయించారు. వేడి ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే రకం నల్లి నునుపు గోడలు కూడా ఎక్కగలదట. పౌడరు ఉంటే దానికి పట్టు దొరకదు.

లోపాలు లేవని కాదు. మొదటి రోజు పది గంటలకని చెప్పి పన్నెండున్నరకు వచ్చారు. ఖాళీ చేసిన గదిలో మూటల మధ్య రెండున్నర గంటలు కూర్చున్నాం. ఆవిరి తగిలి టేకు మంచం తలవైపు పాలిష్ అరచేతి వెడల్పున తెల్లబారింది. పాత చెక్క సామానుకు ఇలా జరగవచ్చని ముందుగా హెచ్చరించి ఉండవలసింది. అత్తయ్యగారు ఇప్పటికీ ఆ మచ్చ వైపు చూసి నిట్టూరుస్తారు. మంచం తిరిగి బిగించేటప్పుడు ఒక బోల్టు కనిపించకుండా పోయింది. రసీదులో మందు పేరు మొదట రాయలేదు, పట్టుబట్టి రాయించుకున్నాను. సమయపాలనకు ఐదింటికి రెండు, పనితనానికి ఐదుకు ఐదు, ధరకు నాలుగు ఇస్తాను. రెండు పడక గదుల ఇంటికి 5,200 ఎక్కువేనని నాకు మొదట అనిపించింది గాని, మొదటి సంస్థకు పోసిన 1,500, పారేయవలసి వచ్చిన హాస్టల్ పరుపు, పోయిన నిద్ర కలుపుకుని చూశాక ఆ మాట అనలేకపోతున్నాను.

రెండో విడత అయి ఏడు వారాలు గడిచాయి. ప్రతి ఆదివారం గిన్నెలు తీసి చూస్తున్నాను. ఇంతవరకు ఒక చీమ, కొంత దుమ్ము తప్ప ఏమీ పడలేదు. దసరా సెలవులకు అబ్బాయి మళ్లీ పెట్టెతో దిగుతాడు. ఆ పెట్టె ఈసారి గుమ్మం దాటదు. మేడ మీదే విప్పి, బట్టలు సంచిలో వేసి నేరుగా మెషీన్లోకి పంపుతాం. పాత ఏటీఎం కార్డు ఒకటి అత్తయ్యగారు అప్పుడే తీసి పక్కన పెట్టుకున్నారు.