మా ఇంటి సీబీ రేడియో: ఆరేళ్ళ వాడకం తర్వాత

మా ఇంటి నుంచి ఓక్లహోమా సిటీ దాదాపు 150 మైళ్ళు. ఈ ఆరేళ్ళలో అక్కడి మనిషి గొంతు నా సీబీ రేడియోలో (సిటిజన్స్ బ్యాండ్, అంటే ఇక్కడ లైసెన్స్ లేకుండా మామూలు జనం మాట్లాడుకునే రేడియో) ఒక్కసారి కూడా వినలేదు. ఫ్లోరిడా 1000 మైళ్ళు. అక్కడివాళ్ళు మాత్రం వేసవి వస్తే చాలు, పక్కగదిలోంచి మాట్లాడుతున్నట్టు వినపడతారు. సీబీతో దూరం మాట్లాడాలనుకునేవాళ్ళు ముందు ఈ వింతకి అలవాటు పడాలి. అది అర్థం కావడానికి నాకు రెండేళ్ళు పట్టింది, మధ్యలో ఒక రేడియో అనవసరంగా కొన్నాను.

మేముండేది టెక్సస్‌లో, డాలస్‌కి ఉత్తరాన డెంటన్ కౌంటీ శివార్లలో. 2019 చివర్లో మొదలుపెట్టినప్పుడు కాలనీ ఇంట్లో ఉండేవాళ్ళం. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) రూల్స్ ప్రకారం పైకప్పు మీద కర్ర ముక్క కూడా లేపకూడదు. టీవీ డిష్‌ని ఆపే హక్కు వాళ్ళకి లేదు, ఫెడరల్ రూల్ ఉంది. సీబీ యాంటెన్నాకి ఆ రక్షణ లేదు. సరేనని అటకలో డైపోల్ కట్టాను: అటు తొమ్మిది అడుగుల తీగ, ఇటు తొమ్మిది అడుగుల తీగ, మధ్యలో కేబుల్. మూడు మైళ్ళు దాటితే గరగర తప్ప ఇంకేమీ లేదు. తప్పు రేడియోదనుకుని ఇంకా పెద్ద మీటరూ ఇంకా ఎక్కువ బటన్లూ ఉన్నది కొన్నాను. మళ్ళీ అదే మూడు మైళ్ళు. అసలు సంగతి కప్పు లోపలి చెక్కలకి అంటించిన అల్యూమినియం రేకులో ఉంది. ఎండ వేడి లోపలికి రాకుండా టెక్సస్ ఇళ్ళలో చాలా వాటికి వేస్తారు దాన్ని. అంటే నేను యాంటెన్నాని రేకుడబ్బాలో పెట్టి మూత వేశానన్నమాట.

2021లో హెచ్‌ఓఏ లేని చోట, ఎకరం స్థలంలో ఇల్లు దొరికింది. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు మా ఆవిడ వంటగది చూసింది, నేను కరెంటు తీగలు ఎటు పోతున్నాయో చూశాను. (యాంటెన్నా ఎటు పడినా కరెంటు తీగకి తగలనంత దూరం ఉండాలి. మనుషులు నిజంగా చచ్చిపోయారు ఈ పనిలో.) ఇప్పుడున్న సెటప్ ఇది: 30 అడుగుల స్తంభం, దాని మీద ఆంట్రాన్ 99, రేడియో ప్రెసిడెంట్ మెకిన్లీ. ఆంట్రాన్ అంటే పదిహేడున్నర అడుగుల ఫైబర్‌గ్లాస్ కడ్డీ, హాఫ్ వేవ్ (అల పొడవులో సగం). చివరి కొన నేల నుంచి 48 అడుగులు దాటదు. ఇక్కడి రూల్ 60 అడుగుల వరకూ ఒప్పుకుంటుంది.

యాంటెన్నా లేపిన రోజే మూడు మైళ్ళు కాస్తా పదిహేను అయ్యాయి, అదీ పాత రేడియోతోనే. ఐ-35 హైవే మీద వెళ్ళే లారీలవాళ్ళ 19వ ఛానెల్ పొద్దస్తమానం వినపడుతుంది. దీని వెనక ఒక చిన్న లెక్క ఉంది. యాంటెన్నా ఎత్తు అడుగుల్లో తీసుకుని, రెట్టింపు చేసి, వర్గమూలం కడితే రేడియో చూపు ఎన్ని మైళ్ళో వస్తుంది. నా కడ్డీ నడిమి ఎత్తు సుమారు 40 అడుగులు, అంటే తొమ్మిది మైళ్ళు. లారీ యాంటెన్నా పది అడుగులు, అంటే నాలుగున్నర. మొత్తం పదమూడు పైచిలుకు. 27 మెగాహెర్ట్జ్ అలలు కొంచెం వంగుతాయి కాబట్టి ఇంకో రెండు మైళ్ళు దక్కుతాయి. నాలాగే స్తంభం వేసుకున్న ఇంకో ఇంటితో అయితే 25 మైళ్ళు, బాగుంటే 30. ఈ నేల దూరం ఇంతకు మించి పెరగదు. ఆరేళ్ళు చూసి చెబుతున్నాను.

పెంచాలంటే పవర్ పెంచమంటారు అందరూ. ఇక్కడ ఏఎమ్‌కి 4 వాట్లు, సైడ్‌బ్యాండ్‌కి 12 వాట్లు (ఇవి మాటని పంపే రెండు పద్ధతులు), అంతే. దానికి మించి లీనియర్ యాంప్లిఫయర్ (పవర్ పెంచే పెట్టె) పెట్టడం చట్టవిరుద్ధం. 6వ ఛానెల్ వింటే ఆ చట్టాన్ని ఎంతమంది పట్టించుకుంటున్నారో తెలుస్తుంది, అది వేరే విషయం. నేను పెట్టలేదు. భయం ఒక కారణం, లెక్క ఇంకో కారణం. అవతలివాడి మీటర్ మీద ముల్లు ఒక్క ఎస్-యూనిట్ (సిగ్నల్ బలానికి మీటర్ మీద ఒక గీత) కదలాలంటే పవర్ నాలుగింతలు కావాలి. పైగా యాంప్లిఫయర్ నా నోటికే పనికొస్తుంది, చెవికి కాదు. వినపడనివాడికి మనం ఎంత అరిచి ఏం లాభం?

ఆ డబ్బు కేబుల్‌కి పెట్టండి. మొదట్లో నేను వాడింది సన్న కేబుల్, ఆర్‌జీ-58. వంద అడుగులకి దాదాపు 2 డీబీ పోతుంది, అంటే 4 వాట్లలో యాంటెన్నాకి చేరేది రెండున్నర. లావు కేబుల్, ఎల్‌ఎమ్‌ఆర్-400 వేస్తే మూడున్నర వాట్ల దాకా చేరుతుంది. వినడంలో కూడా అదే లాభం.

కేబుల్ గురించి ఒక దెబ్బ తిన్న కథ చెప్పాలి. 2022 శీతాకాలంలో నా ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి ఎంత పవర్ తిరిగొస్తోందో చెప్పే అంకె, 1కి దగ్గరైతే మంచిది) 1.5 నుంచి 1.1కి వచ్చింది. ఏమీ ముట్టుకోకుండానే! ఎంత సంతోషపడ్డానో. నెల రోజుల తర్వాత గానీ గమనించలేదు, ఐ-35 లారీలు ఏడెనిమిది మైళ్ళకే మాయమవుతున్నాయి. స్తంభం దించి చూస్తే పై కనెక్టర్‌కి చుట్టిన టేపు ఎండకి పగిలి, నీళ్ళు కేబుల్ లోపలికి పోయాయి. లోపల రాగి అల్లిక నల్లబడింది. తడిసిన కేబుల్ పవర్‌ని మింగేస్తుంది. యాంటెన్నా నుంచి తిరిగొచ్చేదాన్నీ మింగేస్తుంది కాబట్టి రేడియో దగ్గర పెట్టిన మీటర్‌కి అంతా బ్రహ్మాండంగా కనపడుతుంది. అప్పటి నుంచి ఎస్‌డబ్ల్యూఆర్ కారణం లేకుండా బాగుపడితే నాకు టెన్షన్ మొదలవుతుంది.

ఇంకో తలనొప్పి గోల. బయటి నుంచి వచ్చే సన్నటి గొంతుని ఇంట్లో కరెంటు వస్తువుల చప్పుడు కప్పేస్తుంది. రేడియోని కారు బ్యాటరీకి తగిలించి, ఇంట్లో బ్రేకర్లు ఒక్కొక్కటే దించుకుంటూ పోయాను. గరాజ్ లైట్ ఒక దొంగ, ట్రెడ్‌మిల్ ఒక దొంగ. అసలు గజదొంగ దేవుడి గదిలో దొరికాడు: దసరాకి పెట్టి తీయడం మర్చిపోయిన ఎల్‌ఈడీ సీరియల్ లైట్ల అడాప్టర్. దాన్ని పీకేస్తే గోల మూడు ఎస్-యూనిట్లు పడిపోయింది. దేవుడికి ఇప్పుడు నూనె దీపమే. రేడియోకి కూడా గోల చేసే చవక స్విచింగ్ పవర్ సప్లై తీసేసి, బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాతకాలపు లీనియర్ సప్లై పెట్టాను.

నేను గోల విన్నట్టే ఇంట్లోవాళ్ళూ నన్ను విన్నారు. "ఏమండీ, మీ గొంతు నా మీటింగ్‌లో వస్తోంది, మా మేనేజర్ ఎవరని అడుగుతున్నాడు" అని మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది ఒకరోజు. యాంటెన్నా కింద కేబుల్‌ని నాలుగంగుళాల ప్లాస్టిక్ గొట్టం మీద ఏడు చుట్లు చుట్టాను. కేబుల్ పైతొడుగు మీద పాకి ఇంట్లోకి వచ్చే పవర్‌ని ఆ చుట్లు అడ్డుకుంటాయి. మేనేజర్ గారు మళ్ళీ అడగలేదు.

ఇంక వెయ్యి మైళ్ళ సంగతి. ఆ పని మనం కొన్న సామాను చేసేది కాదు, పైన అయనావరణం (ఆకాశంలో ఎత్తున ఉండే, విద్యుదావేశం ఉన్న గాలి పొర) చేసేది. మే నడిమి నుంచి ఆగస్టు మొదలు దాకా, 100 కిలోమీటర్ల పైన అక్కడక్కడ దట్టమైన పొరలు కమ్ముతాయి. స్పొరాడిక్-ఈ అంటారు. మన సిగ్నల్ వాటికి తగిలి 600 నుంచి 1300 మైళ్ళ దూరంలో దిగుతుంది. మధ్యలో ఉన్నవాళ్ళ నెత్తి మీదుగా పోతుంది, ఓక్లహోమా సిటీ వినపడనిది అందుకే. పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు, మళ్ళీ సాయంత్రం: నా లాగ్‌బుక్ ఆ రెండు వేళల్లోనే నిండింది. ఒహాయో, జార్జియా, కాలిఫోర్నియా.

ఇంకా దూరం వెళ్ళాలంటే సూర్యుడి మీద మచ్చలుండాలి. నేను మొదలుపెట్టిన 2019 డిసెంబర్, ఆ మచ్చలు పెరిగి తరిగే సౌరచక్రానికి అట్టడుగు. అంటే మా ఊళ్ళో చెప్పినట్టు శని పట్టిన ముహూర్తంలో శంకుస్థాపన చేశాను. 2023, 2024 శీతాకాలాల్లో పగటిపూట బ్యాండ్ తెరుచుకుని (అంటే దూరం సిగ్నల్స్ అందడం మొదలై) ప్యూర్టోరికో, ఒక మధ్యాహ్నం హవాయి దొరికాయి, 12 వాట్లతో. అదే సూర్యుడు 2024 మే 10న తుఫాను లేపితే టెక్సస్ ఆకాశంలో ధ్రువకాంతులు కనపడ్డాయి. ఊరంతా ఫోటోలు తీసుకుంటుంటే నా రేడియో రెండు రోజులు చచ్చినట్టు పడి ఉంది.

దూరానికి సైడ్‌బ్యాండ్ తప్పనిసరి. ఏఎమ్‌లో పవర్‌లో పెద్ద భాగం మాట లేని క్యారియర్‌కే ఖర్చయిపోతుంది, సైడ్‌బ్యాండ్‌లో అంతా మాటకే. 38వ ఛానెల్ లోయర్ సైడ్‌బ్యాండ్‌లో దూరం వాళ్ళు కలుస్తారు. అవతలి గొంతు మొదట బాతు అరిచినట్టు ఉంటుంది. క్లారిఫయర్ అనే నాబ్ తిప్పుతూ మనిషి గొంతు చేసుకోవాలి. మెకిన్లీలో నాకు నచ్చింది ఆ నాబ్ ఒకసారి కుదిరితే అక్కడే నిలబడడం. నా పేరు పలకడం వాళ్ళ వల్ల కాక 'మ్యాంగో పికిల్' అని ముద్దుపేరు పెట్టుకున్నాను. లారీవాళ్ళకి నేను 'మ్యాంగో'ని. ఒకప్పుడు 155 మైళ్ళు దాటి మాట్లాడడమే ఇక్కడ నేరం. ఆ రూల్ 2017లో తీసేశారు కాబట్టి హవాయి ముచ్చట ఇలా ధైర్యంగా చెప్పుకుంటున్నాను.

తెనాలిలో మా బావమరిది ఇదంతా విని, డాబా మీద తనూ వేస్తానన్నాడు. ఇండియాలో లైసెన్స్ లేకుండా వాడుకోమని ఇచ్చింది 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకూ, 5 వాట్లు, అదీ సెట్‌లోనే అమర్చిన యాంటెన్నాతో. డాబా మీద స్తంభం ఆ మినహాయింపులోకి రాదు. దూరం మోజుంటే హ్యామ్ (లైసెన్స్ తీసుకుని నడిపే అమెచ్యూర్ రేడియో) పరీక్ష రాయమన్నాను, హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉండనే ఉంది. ఇక్కడ కూడా టెక్నీషియన్ అనే హ్యామ్ లైసెన్స్ తీసుకుంటే పక్కనే 28.3 నుంచి 28.5 మెగాహెర్ట్జ్ దాకా 200 వాట్లతో చట్టబద్ధంగా మాట్లాడొచ్చు. నేనింకా రాయలేదు, పుస్తకం కొని ఏడాదైంది.

పిడుగుల కాలంలో మాత్రం అశ్రద్ధ చేయకండి. స్తంభానికీ కేబుల్‌కీ ఎర్త్ వేసి ఇంటి ఎర్త్‌తో కలిపాను. అయినా మేఘం కనపడితే కేబుల్ పీకి కిటికీ బయటే వదిలేస్తాను. ఈ వేసవిలో బ్యాండ్ ఇంకా బాగానే ఉంది. నిన్న సాయంత్రం జార్జియా నుంచి ఒక పెద్దాయన తోటలో బెండకాయల గురించి పావుగంట మాట్లాడాడు. మధ్యలో మాట అలలాగా తేలిపోయింది, వేపుడు ఎలా చేస్తారో చెప్పేలోపే.