ఎక్స్-రేనా, ఆప్టికలా? అయస్కాంత శ్వేతకుబ్జం తిరిగే కాలం తేల్చడానికి ఏది మేలు?

కొత్తగా దొరికిన ఇంటర్మీడియట్ పోలార్‌లో (తోడు నక్షత్రం నుంచి వాయువు లాక్కునే అయస్కాంత శ్వేతకుబ్జం ఉన్న జంట, ఇందులో తిరుగుడు కాలం, కక్ష్యాకాలం వేర్వేరు) శ్వేతకుబ్జం, అంటే చనిపోయిన నక్షత్రపు దట్టమైన గుండె, తన చుట్టూ తాను ఎంతసేపటికి తిరుగుతోందో తేల్చాలంటే ముందు ఎక్స్-రే డేటా చూడాలి. ఆ వేగం ఏళ్ల తరబడి పెరుగుతోందా, తగ్గుతోందా అన్నదానికి మాత్రం ఆప్టికలే, అంటే కంటికి కనిపించే వెలుగే, దిక్కు. ఎక్స్-రే ఉపగ్రహం అన్నిసార్లు ఎవరికీ దొరకదు.

కుంభరాశిలోని ఎఫ్ఓ అక్వేరీనే తీసుకోండి. తిరుగుడు 1254 సెకన్లు, జంట కక్ష్యాకాలం 4.85 గంటలు. ఈ రెండింటి మధ్య 1351 సెకన్ల బీట్ పుడుతుంది: శ్వేతకుబ్జపు ధ్రువం మళ్లీ తోడు నక్షత్రం వైపు తిరిగే కాలం అది. ధ్రువాల దగ్గర పడే వాయువు కోట్ల డిగ్రీలకు వేడెక్కి ఎక్స్-రేలు వెదజల్లుతుంది కాబట్టి అక్కడ సాధారణంగా తిరుగుడే పైచేయి. అవే ఎక్స్-రేలు తోడు నక్షత్రాన్ని వెలిగిస్తే ఆప్టికల్‌లో బీట్ కూడా కలుస్తుంది. 2016లో ఈ నక్షత్రం మసకబారినప్పుడు ఆప్టికల్‌లో అన్నిటికన్నా బలంగా కనిపించింది 11.26 నిమిషాల స్పందన, అంటే బీట్‌లో సగం.

ఒక రాత్రిలో 4.85 గంటలకు తక్కువ చూస్తే ఆవృత్తుల పటంలో తిరుగుడు, బీట్ శిఖరాలు రెండూ విడిపోవు. ఒకే చోటు నుంచి వరుసగా నాలుగు రాత్రులు తీసినా చిక్కే: రెండింటి మధ్య తేడా రోజుకు 4.95 ఆవృత్తులు, పగటి ఖాళీ వల్ల వచ్చే ఐదో నకిలీ శిఖరం దాదాపు అక్కడే పడుతుంది. దూరపు రేఖాంశంలో ఇంకొకరు తోడైతేనే నయం. ఎక్స్‌పోజర్ 30 నుంచి 60 సెకన్లు చాలు. సమయాలను సౌరవ్యవస్థ గురుత్వకేంద్రానికి సవరించడం మరవద్దు. ఈ నక్షత్రం క్రాంతివృత్తం (ఆకాశంలో సూర్యుడి ఏడాది దారి) పక్కనే ఉంది కాబట్టి, భూమి అటూ ఇటూ కదలడం వల్ల వెలుగు చేరే సమయంలో తేడా ఏడాదిలో అటూ ఇటూ 8.3 నిమిషాల దాకా వెళ్తుంది. 21 నిమిషాల స్పందనకు అది మామూలు తప్పు కాదు.

ఎక్స్-రేకూ ఖాళీల బెడద ఉంది. 2015లో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్ దాదాపు 98 నిమిషాలకోసారి భూమిని చుడుతుంది, ప్రతి చుట్టులో భూమి అడ్డొస్తుంది. ఇలాంటి మరో జంట ఈఎక్స్ హైడ్రే కక్ష్యాకాలమూ 98 నిమిషాలే! అక్కడ చాలాసేపు ఒకే దశ చేజారుతుంది. రెండు రోజుల కక్ష్య ఉన్న యూరప్ ఎక్స్-రే ఉపగ్రహం ఎక్స్‌ఎంఎం-న్యూటన్‌కు ఈ గోల లేదు, పైగా దాని ఆప్టికల్ మానిటర్ అదే సమయంలో వెలుగునూ కొలుస్తుంది. ఆ డేటాను 0.3–2, 2–10 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ముక్కలుగా విడదీసి చూడండి. తక్కువ శక్తి ముక్కలో తిరుగుడుతో వచ్చే హెచ్చుతగ్గులు ఎక్కువైతే, పడుతున్న వాయువు తెరలా అడ్డొచ్చి ఎక్స్-రేలను పీల్చేస్తోందని అర్థం.

ఏఎం హెర్క్యులిస్ లాంటి పోలార్లలో తిరుగుడు కక్ష్యకే కట్టుబడి ఉంటుంది, బీట్ గొడవే రాదు. అక్కడ అడగాల్సింది అయస్కాంత క్షేత్రం ఎంత అని. దానికి ఆప్టికల్ ధ్రువణం (వెలుగు తరంగాలు ఒకే తీరులో కంపించడం), సైక్లోట్రాన్ గుబ్బల (క్షేత్రంలో గిరగిరా తిరిగే ఎలక్ట్రాన్ల వల్ల వర్ణపటంలో వచ్చే ఉబ్బుల) మధ్య దూరం చూడాలి. వాయువు పడటం ఆగి నక్షత్రం మసకబారితే ఎక్స్-రేలో పెద్దగా ఏమీ మిగలదు. హైడ్రోజన్ రేఖల్లో జీమన్ చీలికలు (అయస్కాంత క్షేత్రం వల్ల ఒక రేఖ కొన్నిగా విడిపోవడం) బయటపడేది అప్పుడే.