బరంపురం నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: వైజాగ్ మేలా, భువనేశ్వర్ మేలా?

మా వీధిలోనే మూడిళ్ల పిల్లలు కాలిఫోర్నియాలో ఉన్నారు. కాన్పుకనో బారసాలకనో పెద్దవాళ్లు బయల్దేరే ప్రతిసారీ నన్ను అడిగేది ఒకటే: ఏ దారి దగ్గర? మొన్న అమ్మకీ నాన్నకీ టికెట్లు తీశాక నాకు అర్థమైంది, దగ్గరా దూరమా అన్నది అసలు లెక్కే కాదు.

భువనేశ్వర్, ఢిల్లీ మీదుగా తిన్నగా కొలిస్తే దాదాపు 13,600 కిలోమీటర్లు, వైజాగ్, సింగపూర్ మీదుగా 16,500. మూడు వేలు తేడా ఉన్నా గాల్లో ఉండేది రెండిటికీ 18, 19 గంటలే, ఎందుకంటే పసిఫిక్ మీద పడమటి గాలి విమానాన్ని వెనకనుంచి తోస్తుంది. 2016లో ఎయిర్ ఇండియా ఢిల్లీ విమానాన్ని అట్లాంటిక్ వైపు మాని పసిఫిక్ మీదుగా నడిపితే 1,400 కిలోమీటర్లు ఎక్కువ తిరిగి కూడా దాదాపు రెండు గంటలు ముందే చేరింది. వచ్చేటప్పుడు అదే గాలి ఎదురు, సింగపూర్‌కి 17 గంటలు పడుతుంది.

ఇంటినుంచి చూస్తే భువనేశ్వరే నయం, 170 కిలోమీటర్లు. వైజాగ్‌కి ఇంకో వంద ఎక్కువ.

అయినా నేను వైజాగే అంటాను, కారణం తిరుగు ప్రయాణం. ఢిల్లీలో దిగితే ఒకే టికెట్ అయినా సరే ఇమిగ్రేషన్ అక్కడే, పెట్టెలు బెల్టు మీంచి దించుకుని కస్టమ్స్ దాటి మళ్లీ అప్పగించి భువనేశ్వర్ విమానం ఎక్కాలి. అన్ని గంటలు కూర్చుని కాళ్లు వాచిన మనిషికి అది మామూలు పని కాదు. రెండేళ్ల కిందట జనవరిలో పొగమంచు వల్ల ఆ రెండో విమానం తప్పిపోయి ఇద్దరూ రాత్రంతా కుర్చీల్లోనే ఉన్నారు. అమ్మకి తెలుగు, ఒడియా ధారాళం, హిందీ దగ్గరే నోరు పెగలదు, ఇక్కడ నాకు ఫోన్ పట్టుకుని ఒకటే టెన్షన్. సింగపూర్ మీదుగా అయితే ఇమిగ్రేషన్, కస్టమ్స్ రెండూ వైజాగ్‌లోనే, గుమ్మం బయట మన కారు. కాకపోతే మొత్తం ఒకే టికెట్ మీద తీయాలి, విడివిడిగా కొంటే పెట్టెల కోసం సింగపూర్‌లో బయటికి రావాలి, మళ్లీ వీసా సంగతి చూసుకోవాలి.

హైదరాబాద్, దుబాయ్ దారి కూడా ఉంది. ముందు కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ దాకా పోవాలి. అక్కడ చుట్టాలుంటే సరే.

పర్లాకిమిడి, గుణుపురం వాళ్లకి ఈ ఆలోచనే అక్కర్లేదు, వైజాగే దగ్గర. వైజాగ్‌కి ఇవతల భోగాపురం కొత్త విమానాశ్రయం నుంచి విమానాలు నడిస్తే మనందరికీ ఇంకో నలభై కిలోమీటర్లు కలిసొస్తుంది.

ఏ దారైనా పెద్దవాళ్లకి వీల్‌చైర్ టికెట్‌తోపాటే అడగండి, సీటు నడవ పక్కది తీయండి. మా నాన్న కిటికీ పక్కదే కావాలని పట్టుబట్టి, పక్కవాళ్లని లేపలేక పదిహేను గంటలు బిగబట్టుకుని కూర్చున్నాడు.